మూడో నంబరులో వికారాబాద్

గది నచ్చినట్టు ముఖంలో కనబడనీయకూడదు, కనబడిందంటే అద్దె పెరిగిపోయినట్టే, అనుకుంటూ నాగేశ్వర్ కనుబొమలు ముడిచి కిటికీ చెక్కను గోటితో గీకాడు, రంగు ఊడలేదు, ఊడి ఉంటే బాగుండేది, వంక పెట్టడానికి ఒకటైనా దొరికేది, ఇదేం గది, తప్పు పడదామంటే తప్పే లేదు, తూర్పుకు కిటికీ, కిటికీకి దోమల జాలీ, జాలీ అవతల వానకు తడిసిన అనంతగిరి గుట్టలు, ఇక్కడ కూర్చుంటే పుస్తకం తెరవకపోయినా చదువు వచ్చేస్తుంది, కూతురు సాహిత్య చదువుకునే బల్ల ఇక్కడే వెయ్యాలి, వెలుతురు ఎడమ నుంచి పడేట్టు, కాదు కాదు, సాహిత్యది ఎడమచేతి వాటం, కుడి నుంచి పడాలి, అయితే మంచం ఆ గోడకు, పొయ్యి ఈ అరుగు మీద, పప్పు డబ్బాలు పై అరలో, అందకపోతే స్టూలు, స్టూలు దుకాణంలో ఉంది, దాని మీద తనే కూర్చుంటాడు, పోతే పోనీ, తను బస్తా మీద కూర్చుంటాడు, బిడ్డ డాక్టరు చదువుతుంటే తండ్రి బస్తా మీద కూర్చుంటే తప్పేంటి, కాలేజీకి పోయే ఆటోలు గుమ్మం ముందే ఆగుతాయి, రైల్వే స్టేషనుకు సరిగ్గా ఏడు నిమిషాలు, గడియారం చూసుకుంటూ మూడుసార్లు నడిచాడు, మూడోసారి ఆడపిల్ల అడుగులతో నడిచాడు, చాయ్ హోటల్ ముందు జనం నవ్వారు, నవ్వనీ, పొద్దున తాండూరులో రైలెక్కితే ఇడ్లీ చల్లారకముందే ఇక్కడ దిగొచ్చు, రోజూ రాడులే, రోజూ వస్తే బాగుండదు, రోజు విడిచి రోజు వస్తాడు, వికారాబాద్‌లో ఏదో పని ఉన్నట్టు, పనులకేం, ఎన్నయినా పుట్టించొచ్చు.

బండలు జర గరుకున్నయి గదమ్మా అన్నాడు చెప్పు తీసి అరికాలితో నేలను రాస్తూ, గుమ్మంలో తాళంచెవి పట్టుకుని నిలబడ్డ ఇంటి ఓనరు రెబెక్క, నర్సుగా చేసి రిటైరైన మనిషి, ముప్పై అయిదేళ్లు రోగుల మూలుగులు విన్న చెవులతో ఇదీ విని, మీ తాండూరు బండలే సార్ గవి అంది, అది నిజమే, పాలిష్ పట్టిన తాండూరు నీలం బండ, అద్దంలా ఉంది, తన ముఖం తనకే కనబడుతోంది, ముడుచుకున్న కనుబొమలతో సహా, అయినా వెనక్కి తగ్గకూడదు, తాండూరు ధాన్యం గంజ్‌లో మూడు తరాల కందుల వ్యాపారం, చనిపోయిన నాన్న నేర్పిన మొదటి పాఠం ఇదే కదా, అప్పటికి లెక్కలు కూడా రావు తనకి, నచ్చిన రాశి ముందు నిలబడకురా, పక్క రాశి ముందు నిలబడి ఓరగా చూడు, గింజ కొరికి చేదు మింగినట్టు ముఖం పెట్టు, తేమ అను, పుచ్చు అను, నాలుగడుగులు వెళ్లిపో, రైతే వెనకనుంచి పిలుస్తాడు, నాన్న అమ్మను చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా పిల్ల జర పొట్టిగున్నది అని వచ్చేశాడట, అమ్మ కస్తూరమ్మ ఈ కథ ఇప్పటికీ చెబుతుంది, నవ్వుతూ చెప్పదు, అందుకే నాగేశ్వర్ నల్లా తిప్పి నీళ్ల ధార సన్నంగున్నది అన్నాడు, ధార వేగానికి చొక్కా తడిసింది, కిటికీ మరీ పెద్దది, ఎండ గొడ్తది అన్నాడు, మెట్లు శాన ఉన్నయి అన్నాడు, ఉన్నవి పదకొండు, ఇక నాలుగడుగులు తలుపు వైపు వేశాడు, ఒకటి, రెండు, మూడు, ఇప్పుడు పిలుస్తుంది.

పిలవలేదు. మంచిదే సార్, నచ్చకుంటే తీసుకోకుండ్రి, అంది రెబెక్క, ఆమె గొంతులో కోపం లేదు, అందుకే భయం వేసింది, నారాయణపేటోళ్లు పొద్దున్నే ఫోన్ చేసిండ్రు, వాళ్లమ్మాయికి గూడ గిదే రూము గావాల్నట, మీరు మొదట అడిగిండ్రని ఆపిన, వాళ్లకిచ్చేస్త, అని తాళం వెయ్యడానికి సిద్ధమైంది, నాగేశ్వర్ తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి, అట్లెట్లమ్మా, నేను వద్దన్ననా, అంటే, బండలు గరుకన్నరు, నీళ్లు సన్నమన్నరు, ఎండన్నరు, మెట్లన్నరు, ఇంక వద్దనుడు అంటే ఏందో నాకు తెల్వదు సార్, అంది, ఈమెకు బేరం తెలియదు, చెప్పింది చెప్పినట్టు నమ్మే మనుషులు కూడా ఉంటారా ఈ లోకంలో, నొప్పి అంటే నొప్పి అని రాసుకుని, లేదంటే లేదని రాసుకుని వెళ్లిపోయే అలవాటు కాబోలు, నాన్నా, ఇట్లాంటి పార్టీ తగిలితే ఏం చెయ్యాలో చెప్పకుండానే పోయావు కదా, అనుకుంటుండగానే ఇంకొకటి తోచింది, తోచిన మరుక్షణం, గరుకని తను తిట్టిన ఆ బండల మీదే నాగేశ్వర్ చతికిలబడ్డాడు.

సీట్లు పంచే కంప్యూటర్ కూడా రెబెక్క లాంటిదే అయితే.

ఎందుకంటే ఆ రోజు, కాలేజీలను వరస పెట్టి ఆప్షన్లు ఇచ్చే చివరి రోజు, సాహిత్య ఇంట్లో తన ఫోన్లోనే అన్నీ నింపి, డాడీ, స్టేషన్ రోడ్డుకు పోయి ఒక ప్రింటు తీసుకొస్తవా అంది, మొదటి నంబరు వికారాబాద్, తర్వాత ఇంకో ఇరవై, బంగారంలాంటి వరస, ఇంటిపక్కనే ఉంటుందట పిల్ల, తండ్రికి అంతకంటే ఏం కావాలి, కానీ ఇంటర్‌నెట్ సెంటరులో మహేష్ తెర మీద ఆ వరస చూపించగానే నాగేశ్వర్‌కు మనసులో ముల్లు గుచ్చుకుంది, ఇదేం పిచ్చి, కావాల్సినదాన్ని ఎవరైనా మొదట రాస్తారా, రాస్తే వీళ్లకు ఇది తప్ప గతిలేదని అవతలివాడికి తెలిసిపోదూ, బిగదీసుకుని కూర్చోడూ, పిల్లకు మార్కులొచ్చాయి కానీ లోకం తెలియలేదు, మహేషూ, ఆసిఫాబాద్ ఒకటి జెయ్యి, ములుగు రెండు, వికారాబాద్ ఏదో మాటవరసకు రాసినట్టు మూడోది వెట్టు అన్నాడు, మహేష్ కుర్చీలో తిరిగి, సేటూ, ఇష్టమున్నది పైన వెట్టాలె, పైది దొరికితే గదే ఇస్తది, కిందికి సూడనే సూడది అన్నాడు, ఆ కుర్రాడి ముఖం చూసి జాలి వేసింది నాగేశ్వర్‌కు, నువ్వు గంజ్‌ల ఒక్క బస్తా అమ్మినవారా అన్నాడు, మహేష్ అమ్మలేదు, కాబట్టి మార్చాడు, నాగేశ్వర్ ఫోనుకు వచ్చిన ఓటీపీ నాగేశ్వరే చదివి వినిపించాడు, ఒక్కో అంకె స్పష్టంగా, ప్రింటు కాగితం మడిచి ఇనప్పెట్టెలో కంది విత్తనాల సంచీ కింద పెట్టాడు, ఇంటికి వచ్చి అన్నీ అయినయి అన్నాడు, అంతలా నమ్మాడు, అవతల ఎవరో ఒక పెద్దమనిషి కూర్చుని, ఈ సేటు ఆసిఫాబాద్ అంటున్నాడే, రాష్ట్రానికి ఆ కొస, పాపం అంత దూరం దేనికి, ఇంటి పక్కన వికారాబాద్ ఉంది తీసుకో నాగేశ్వర్, కాదనకు, అని బతిమాలి చేతిలో పెడతాడని, ఇప్పుడు ఈ గదిలో చల్లటి బండ మీద కూర్చుంటే తెలుస్తోంది, అవతల పెద్దమనిషి లేడు, బతిమాలేవాడు లేడు, పైనుంచి కిందికి చదివి మొదట దొరికింది ఇచ్చేసి తాళం వేసుకుని పోయే రెబెక్క ఉంది.

సార్, నీళ్లు తాగుండ్రి, చెమటలు వట్టినయి, అని రెబెక్క గ్లాసు ఇచ్చి, అలవాటు కొద్దీ చెయ్యి పట్టుకుని నాడి చూసింది, జర ఉరుకుతున్నది అంది, ఉరకదూ, ఒంటి గంట యాభై అయింది, సీట్ల లిస్టు వచ్చేది రెండింటికి, పది నిమిషాల్లో ఏం మార్చగలడు, ఏమీ మార్చలేడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అనంతగిరి పద్మనాభస్వామికి మొక్కుదామని గుట్టల వైపు తిరిగాడు, స్వామీ, ఆసిఫాబాద్ రాకుండా చూడు, అని మొదలుపెట్టి ఆగిపోయాడు, దేవుడి దగ్గర ఎట్లా అడగాలి, కావాల్సింది కావాలని అడగాలా, లేక అక్కడ కూడా, ఛీ, నీ తెలివి తగలబెట్ట, అని తనను తానే తిట్టుకుని వికారాబాద్, వికారాబాద్, వికారాబాద్ అని మూడుసార్లు గట్టిగానే అన్నాడు, రెబెక్క ఇది వికారాబాదే సార్ అంది మెల్లగా, భయపడకండి అన్నట్టు, రజినికి ఏం చెప్పాలి, భార్య రజిని ఇప్పటికే పచ్చడి జాడీలు కట్టి పెట్టింది, వికారాబాద్‌కు సరిపడేవి, అంటే వారానికొకటి, ఆసిఫాబాద్ అయితే ఏడాదికి సరిపడా పెట్టాలి, నూనె ఎక్కువ పోయాలి, అసలు పచ్చళ్లు కాదు, బిడ్డ, బిడ్డ వెళ్లిపోతుంది, పండక్కి వచ్చిన చుట్టంలా వస్తుంది ఇక, బ్యాగు విప్పకుండానే తిరుగు రైలు చూసుకుంటుంది, నాగేశ్వర్‌కు ఇది తోస్తుండగానే జేబులో ఫోన్ మోగింది.

అటునుంచి సాహిత్య, డాడీ, సీటొచ్చింది, ఏది బిడ్డా, ఆసిఫాబాద్, చెప్పెయ్యాలి, నేనే మార్చిన బిడ్డా, నా బుద్ధి గడ్డి తిన్నది అని చెప్పెయ్యాలి, నోరు తెరిచేలోపు సాహిత్య మొదలుపెట్టింది, ఏంజేస్తం డాడీ, గదేం ఊరో ఏమో, ఎండకాలం మస్తు ఎండలట, చలికాలం మస్తు చలట, హాస్టల్ కొత్తగ కట్టిండ్రట, కొత్త గోడలంటే తేముంటది గద, రూముకు నలుగురట, కిటికీ దిక్కు మంచం మొదట పోయినోళ్లకే ఇస్తరట, అడివి పక్కపొంటే అట, ఏంజేస్తం, వచ్చినంక కాదంటమా, నాగేశ్వర్ చెవి నిక్కబొడుచుకుంది, ఈ గొంతు ఎక్కడో విన్నాడు, ఎక్కడో ఏమిటి, ఇది తన గొంతే, రాశి ముందు నిలబడ్డ గొంతు, గోడల తేమ దాకా ఎవరు కనుక్కుంటారు, కిటికీ పక్క మంచం సంగతి ఎవరు అడుగుతారు, వద్దనుకున్న రాశిలో గింజ ఎవడు కొరుకుతాడు, బిడ్డా, అన్నాడు మెల్లగా, నీకు గదే గావాల్నా, నువ్వు మార్చినంక పొద్దుమూకే దాక టైముండె డాడీ, నేను నా ఫోన్ల సూసిన, అంది సాహిత్య, మరి మల్ల మార్చలేదా, మార్చలే, ఎందుకు బిడ్డా, నీకోసమే వికారాబాద్ మొదట వెట్టిన, దూరం పోతనంటే నువ్వు ఒప్పుకోవు గద, నువ్వే తీసేస్తివి, దేవుడిచ్చిండనుకుని ఊకున్న.

నాగేశ్వర్‌కు మొదట కోపం రావాలనిపించింది, రాలేదు, నవ్వు వచ్చింది, నవ్వులో కన్నీళ్లు కూడా వచ్చాయి, రెబెక్క మళ్లీ నాడి పట్టుకుంది, తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్నట్టు, మూడు తరాల వ్యాపారాన్ని పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక్క దెబ్బకు బోల్తా కొట్టించింది, నోరు మెదపకుండా, తనకు కావాల్సిన సరుకు తండ్రి చేతే పైన పెట్టించుకుంది, ఎప్పుడు నేర్చుకుంది, బస్తాల మీద కూర్చుని హోంవర్కు చేసుకునే రోజుల్లోనే నేర్చుకుని ఉంటుంది, తను గింజ కొరికి ముఖం చేదుగా పెట్టినప్పుడల్లా తలెత్తి చూసేది, చూసి నవ్వేది, డాడీకి గిది నచ్చింది అని రైతు వినకుండా చెవిలో అనేది, ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు, అంటే తన మనసులో ఉన్నదంతా ఆ పిల్లకు ఎప్పుడూ తెలుస్తూనే ఉంది, ఎంత నిశ్చింత, చెప్పకపోయినా తెలిసే బిడ్డ ఉండటం, పో బిడ్డా, మొదలు పోయి కిటికీ మంచం వట్టు, నేను గూడ వస్త, అన్నాడు, అని పెట్టెయ్యబోతుంటే, డాడీ, ఒకటడుగుత, అంది సాహిత్య, గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది, బస్తా మీది పిల్లంత చిన్నది, నా ర్యాంకు నీకు నిజంగనే తక్కువ అనిపించిందా.

ర్యాంకు వచ్చిన రోజు, దుకాణం నిండా జనం, అందరూ సేటూ మీ బిడ్డ డాక్టరట అంటుంటే, ఏం ర్యాంకులే, ఇంకో నాలుగు మార్కులొస్తే మంచిగుండు, అన్నాడు తను, కనుబొమలు ముడిచి, ఆ తర్వాత గోదాములోకి వెళ్లి కందుల బస్తాల వెనక దుమ్ము సాకుతో పావుగంట ఏడ్చాడు, ఆనందం పట్టలేక ఏడ్చాడు, అది ఎవరూ చూడలేదు, సాహిత్య కూడా చూడలేదు, చూసే అవసరం లేదనుకున్నాడు, ఆమెకు తెలుసు కదా, తిరగేసి చదువుకుంటుంది కదా అనుకున్నాడు, లోకంలో ప్రతి రాశి ముందు తన ముఖాన్ని తిరగేసి చదివిన పిల్ల, ఈ ఒక్కచోట, తన గురించి అన్న మాట దగ్గర మాత్రం, తిరగెయ్యలేదు, అన్నది అన్నట్టే నమ్మింది, నాలుగు నెలలుగా నమ్ముతూనే ఉంది, నమ్మి, ఒక్కమాట అనకుండా పుస్తకాలు సర్దుకుంది, నాగేశ్వర్ గోడకు చెయ్యి ఆనించి లేచి నిలబడ్డాడు, మెచ్చుకోవడం అలవాటు లేని మనిషి, అయినా కనుబొమలు ముడవకుండా, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, శాన మంచి ర్యాంకు బిడ్డా, అన్నాడు, నాకు మస్తు నచ్చింది, మొదటి రోజే నచ్చింది.