ఊళ్ళో ఏదైనా పోతే

పూర్ణిమ భయమల్లా ఒక్కటే. కూతురు సాత్విక తన చేయి వదిలేసి రాహేలు టీచరు చేయి పట్టుకుంటుందేమోనని. జబ్బులకూ అప్పులకూ కూడా ఆమె అంతగా భయపడలేదు.

ఆ సాయంత్రం కొట్లో ఊపిరాడటం లేదు. మిరప కోతల నుంచి దిగిన కూలీలు ఉప్పు, చింతపండు, బీడీ కట్టల కోసం బల్ల మీద పడుతున్నారు. చంకలో చంటివాడు గుక్కపట్టాడు. భర్త రవిచంద్ర సరుకు కోసం నరసరావుపేట వెళ్ళాడు. అత్త ధనమ్మ మంచం మీద నుంచే, "తూకం చూడవే, పప్పు పారబోస్తన్నావు" అని కేకలేస్తోంది.

సాత్విక బ్యాగు దించకముందే మొదలుపెట్టింది.

"అమ్మా, ఇయ్యాల మేడం ఏం అడిగిందో తెలుసా? ఊళ్ళో ఏదన్నా పోతే ముందు ఎవర్ని పిలుస్తారని. మేమంతా 'యానాది కోటిని' అని అరిచాం."

"ఉన్న మాటేగా."

ఉన్న మాటే. మోటారు తీగ పోయినా, కోడి పోయినా పెద్దమనుషులు ముందు కాలవగట్టు మీది గుడిసెకే కబురు పంపుతారు. కోటి వచ్చి చేతులు కట్టుకుని నిలబడాలి. పోయిన వస్తువు ఇంకెక్కడో దొరికినా, ఇక పోయిరమ్మని అతనికి చెప్పే మనిషి ఉండడు. తాతల నాటి నుంచీ అదే ఆనవాయితీ.

"కోటి కూతురు అంకమ్మ ముందు బెంచీలోనే ఉందమ్మా. మేడం మమ్మల్ని తిట్టలా. పోయి దాని పక్కన కూచుంది. ఆ తర్వాత చెప్పింది, రుజువయ్యేదాకా ఏ మనిషీ దొంగ కాదంట. అది అందరికీ ఉన్న హక్కంట. కొద్దిమందే ఉండి, వెనకా ముందూ ఎవరూ లేనోళ్ళ హక్కుని పక్కనోళ్ళే కాయాలంట. నేను అంకమ్మకి సారీ చెప్పా. రేపట్నుంచి దాని పక్కనే కూచుంటా."

పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూసి పూర్ణిమకు గుండెలో ముల్లు దిగినట్టయింది. తన కోసం ఆ కళ్ళు ఎప్పుడైనా అలా వెలిగాయా? ఈ మధ్య పాపిడి కూడా మేడంలాగే తీసుకుంటోంది. ఏదైనా అడగబోతే, "నీకు తెలీదులేమ్మా, మేడాన్ని అడుగుతా" అంటోంది.

తెలియకేం? చదువుకునే రోజుల్లో సోషల్లో పూర్ణిమే ఫస్టు. తొమ్మిదో తరగతి మధ్యలో పెళ్ళి కుదిరింది. ఆ పుస్తకాలు ఇదే కొట్లో పొట్లాలైపోయాయి. రాహేలుదీ తన ఈడే. దుర్గి దగ్గర పల్లెలో, సెలవుల్లో మిరపకాయలు కోస్తూ చదువుకుందట. తనకు మూసేసిన దారి ఆమెకు ఎవరు తెరిచారు? ఆ స్కూటీ, ఆ చీర కుచ్చెళ్ళు, పిల్లలంతా లేచి నిలబడటం... తలుచుకున్నప్పుడల్లా పూర్ణిమకు అన్నం సహించదు.

అప్పుడే పుల్లారావు సిగరెట్ల కోసం వచ్చాడు. బడి కమిటీ ఛైర్మన్ ఆయనే.

"ఏందమ్మాయ్, మీ పిల్ల యానాదుల సావాసం పట్టిందంట?"

"ఆ మేడం నేర్పే చదువు బాబాయ్. రేపు పిల్లల చేత ప్రార్థనలు కూడా చేయిస్తదేమో, ఎవురికి తెలుసు?"

నోరు జారింది. ఆమెకు అనుమానమైనది పుల్లారావు నోట్లో నిజమై ఊరంతా తిరిగింది. మూడోనాటికి పూర్ణిమను హెడ్మాస్టరు గదికి పిలిపించారు.

"పిల్లల మతం మారుస్తంది సార్. ఇదుగో సాక్షి" అన్నాడు పుల్లారావు.

రాహేలు గోడవారగా నిలబడి ఉంది. వేళ్ళకు సుద్దపొడి. ఆమె కోపంగా చూస్తుందనీ, లేదంటే బతిమాలుకుంటుందనీ పూర్ణిమ అనుకుంది. ఆమె చూపు మాత్రం కిటికీ అవతల నిలబడ్డ సాత్విక మీదా అంకమ్మ మీదా ఉంది. ఇప్పుడు కూడా నా పిల్లనే చూస్తోంది, అనుకుంది పూర్ణిమ. ఒక్క మాట అంటే చాలు, ఈ మనిషి ఊళ్ళో ఉండదు.

"మీ కళ్ళతో చూశారా అమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు.

"చెప్పవే, నోరు పడిపోయిందా?" కోడలి వెంటే వచ్చిన ధనమ్మ వెనక నుంచి పొడిచింది.

"చూళ్ళా" అంది పూర్ణిమ. "ప్రార్థనా లేదు, పాడూ లేదు. పిల్ల నాకన్నా ఆమె మాటే వింటందని ఓర్వలేక అన్నా. ఇప్పటికీ ఆమెని చూస్తే నాకు ఒళ్ళు మంటే సార్. అట్టాగని లేనిది చెప్పమంటే చెప్పను."

"బాగుంది! కొట్లో ఒక మాట, ఈడకొచ్చి ఒక మాట. తూకం కూడా ఇట్టాగే వేస్తావా?" అన్నాడు పుల్లారావు.

"కాటా చూసుకునే తీసుకుపో బాబాయ్."

సాత్విక పరుగున లోపలికి వచ్చింది. తల్లిని దాటుకుని వెళ్ళి రాహేలు కొంగు పట్టుకుంది. పూర్ణిమ తల తిప్పుకుంది.

గొడవెందుకని రాహేలును వేరే మండలానికి పంపించేశారు. ఆమె వెళ్ళిన వారంలోనే పుల్లారావు పొలంలో మోటారు స్టార్టరు పోయింది. కబురు మళ్ళీ కాలవగట్టుకే వెళ్ళింది, కోటి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మర్నాటి నుంచి అంకమ్మ బడికి రావడం లేదు. వాళ్ళు మాచర్ల వైపు కోతలకు పోయారని కొందరంటారు. లేదు, గుడిసెలో పొయ్యి వెలగడం చూశామని కొందరంటారు. యానాదుల గుడిసెలకేసి అడుగేస్తే మళ్ళీ గడప తొక్కనివ్వనని ధనమ్మ ఒట్టు పెట్టుకుంది. చంటివాణ్ణి ఎత్తుకుని పూర్ణిమ అటు పోయే ప్రతి కూలీనీ అడుగుతోంది: "అక్కా, నువ్వు పోయేది కాలవ మీదుగానేగా? ఆ పిల్ల ఉందేమో కాస్త చూడవూ?" పొద్దెక్కిపోతోందంటూ ఎవరూ నిలబడరు.

నకరికల్లు దాటాక అడ్డరోడ్డు దిగి మీరు అటుగా వెళ్తే, గట్టు మీద నీలం పట్టా కప్పిన గుడిసె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆరో తరగతి పిల్ల, పేరు అంకమ్మ. ఉందో లేదో చూడండి. వాళ్ళ నాయన ఇంటికి వచ్చాడో లేదో కూడా అడగండి.