‘ఏ’ తప్ప ఏ ఫ్రిజ్జూ వద్దు

సోమవారం పొద్దున ఐగిల్ త్రానె ఇంట్లో ఫ్రిజ్జుకి మాట పడిపోయింది.

ఐగిల్ తలుపుకి చెవి ఆనించి విన్నాడు. తలుపు తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు. వెనక్కి చెయ్యి పోనిచ్చి తీగ కదిపాడు. లోపల దీపం వెలుగుతూనే ఉంది గానీ, చలి మాత్రం చెప్పాపెట్టకుండా సెలవు మీద వెళ్ళిపోయింది. చలి లేని ఫ్రిజ్జంటే బీరువాయే. కాకపోతే బీరువాలో వెన్న పెట్టం.

“ఏమంటోందయ్యా?” అంది భార్య తోవె, కాఫీ వంపుకుంటూ.

“ఏమీ అనడం లేదు.”

“పాతికేళ్ళలో ఈ ఇంట్లో నోరు మూసుకున్నది అదొక్కటే.”

ఆ పాతికేళ్ళే అసలు చిక్కు. శనివారం నాడు వాళ్ళ వెండి పెళ్ళిరోజు. హోర్సెన్స్ ఊళ్ళో వెండి పెళ్ళిరోజంటే తెల్లవారగానే ఇరుగుపొరుగంతా గుమ్మం ముందు చేరి పాట ఎత్తుకుంటారు. ముందురోజే ఆకులతో ద్వారం కట్టి, నెత్తిన వెండి కాగితపు అంకెలు పెట్టేస్తారు. దంపతులిద్దరూ ఏమీ ఎరగనట్టు రాత్రి బట్టలతోనే కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చి, అందర్నీ లోపలికి పిలిచి ఫలహారం పెట్టాలి. అందులో సగం చల్లగా ఉండాల్సినవే. ఉప్పూ సోయికూరా పట్టించి ఊరేసిన సాల్మన్ చేప, హెరింగ్ చేపల పచ్చడి సీసాలు, చీజ్, వెన్న, గొంతు దిగేటప్పుడు గీరుకుంటూ పోయే చేదు సారా. బయట చూస్తే జూన్ ఎండ, ఆ ఊరు ఎప్పుడూ ఎరగనంత ఎండ.

కొత్తది కొనుక్కోవచ్చుగా అని ఎవరైనా అంటారు. ఐగిల్ అనలేడు. కొనకూడదని రూలు పెట్టిన మహానుభావుడు ఐగిలే.

ఆ ఎర్ర ఇటుకల మూడంతస్తుల ఇళ్ళన్నీ అద్దెదార్ల సంఘానివి. వంటింట్లో పొయ్యీ, ఫ్రిజ్జూ కూడా సంఘానివే. ఏ ఇంట్లోకి ఏది రావాలో ఏటా సభలో చేతులెత్తి తేలుస్తారు. ఆ సంఘానికి ఛైర్మన్ ఐగిల్. ఉద్యోగం సిటీ బస్సుల టైమ్‌టేబుల్ వెయ్యడం. బస్సు ఆలస్యమైనా టైమ్‌టేబుల్ ఆలస్యం కాకూడదనే రకం. కొన్నేళ్ళ క్రితం ఒక సభలో ఆయన లేచి, “కరెంటు పొదుపు లేబుల్ మీద ‘ఏ’ కన్నా తక్కువ అక్షరం ఉన్న ఫ్రిజ్జు, ఎవరు కొన్నా సరే, ఈ ఇళ్ళలోకి రాకూడదు” అని గర్జించాడు. చప్పట్లు మోగాయి. క్రీము కేకు కోశారు. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో ‘ఏ ప్లస్’ కన్నా తక్కువది అమ్మడానికి ప్రభుత్వమే ఏ కొట్టుకీ ఒప్పుకునేది కాదు. కాబట్టి ఆ రూలు ఆపింది ఏమీ లేదు. దొంగలే లేని ఊళ్ళో దొంగతనం మాన్పించిన కొత్వాలు మన ఐగిల్.

నిరుడు వసంతంలో, చుట్టుపక్కల దేశాలన్నిటికీ రూళ్ళు రాసే బ్రస్సెల్స్ పెద్దలకి మళ్ళీ అక్షరాభ్యాసం మీద మనసు పోయింది. ప్లస్సులు మొలిచిన అక్షరాలన్నిటినీ పీకేసి, ‘ఏ’ నుంచి ‘జి’ దాకా కొత్త నిచ్చెన వేశారు. పై మెట్టు కావాలనే దాదాపు ఖాళీగా ఉంచారు. ఫ్రిజ్జులు చేసేవాళ్ళు చెమటోడ్చి ఎక్కాలని వాళ్ళ ఉద్దేశం. అదే ఫ్రిజ్జు, అదే కరెంటు. కానీ ‘ఏ ప్లస్ ప్లస్’గా పడుకున్నది పొద్దున్నే ‘ఈ’గా లేచింది. ఏనుగులా పడుకుని ఈగలా లేవడమంటే ఇదే! ఐగిల్ రూలు మాత్రం పడుకున్నచోటు నుంచి కదల్లేదు. మొన్నటిదాకా దేన్నీ ఆపని రూలు ఇప్పుడు అన్నిటినీ ఆపడం మొదలుపెట్టింది.

“మార్చేద్దామా?” అని కమిటీలో ఎవరో గొణిగారు.

“రూలంటే రబ్బరా, సాగదియ్యడానికి?” అన్నాడు ఐగిల్.

అదంతా ఒక ఎత్తు, ఈ ఏడు ఏప్రిల్‌లో పై అంతస్తు గున్‌హిల్ద్ రాస్క్‌కి చెప్పింది ఒక ఎత్తు. ఆమె ఫ్రిజ్జు చచ్చి, కొత్తది ఇప్పించమని వచ్చింది. మొగుడు పోయి ఒంటరిగా ఉంటుంది, నోరు మాత్రం పదిమంది పెట్టు.

“పాలు బాల్కనీలో పెట్టుకో గున్‌హిల్ద్. మన ఏప్రిల్ చలి దేవుడిచ్చిన ఫ్రిజ్జు. కరెంటు లేకుండా నడుస్తుంది, నికార్సైన ‘ఏ’!” అన్నాడు ఐగిల్.

“దేవుడికి లేబుల్ ఎవరంటించారయ్యా, నువ్వా?” అని వెళ్ళిపోయింది ఆవిడ. మళ్ళీ అడగలేదు. ఐగిల్ కూడా అడగలేదు.

ఇప్పుడు అదే ఐగిల్ మధ్యాహ్నం వేళ ఆఫీసు వదిలి, టై వదులు చేసుకుంటూ, ఫ్రిజ్జులమ్మే వెర్నర్ కొట్లో దూరాడు.

“ఏ ఫ్రిజ్జు కావాలి?” అన్నాడు వెర్నర్.

“‘ఏ’ ఫ్రిజ్జే కావాలి.”

“అబ్బో, ఛైర్మన్ గారే! అయితే ఒకటుంది చూడు.” వెర్నర్ చూపించింది ఫ్రిజ్జు కాదు, జిరాఫీ. దాని నెత్తి చూడాలంటే ఐగిల్ మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది.

“ఇది పట్టదు. నా వంటింట్లో పైన అలమర ఉంది.”

“అలమర కోసెయ్.”

“అలమర సంఘానిది.”

“సంఘాన్ని అడుగు.”

“సంఘం ఛైర్మన్ని నేనే.”

“అయితే నిన్ను నువ్వే అడుగు.”

“అడిగాను. నేను ఒప్పుకోవడం లేదు.”

వెర్నర్ పొట్ట పట్టుకుని నవ్వి, పక్కన పొట్టిదాన్ని చూపించాడు. “ఇది చక్కగా పడుతుంది. నీ పాతదానికన్నా కరెంటు తక్కువ తాగుతుంది. పేరుకే ‘డి’.”

“‘డి’ అంటే సంఘంతో ఢీ.”

“లేబుల్ పీకి పారెయ్యవయ్యా! కొట్లో అంటించకపోతే నాకు తంటా. నీ ఇంట్లో అది ఉన్నా లేకున్నా ప్రభుత్వం అడగదు.”

ప్రభుత్వం అడగదు, నిజమే. ఐగిల్ని ఐగిలే అడుగుతాడు. బయటికి వెళ్ళాడు. వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చాడు. పొట్టిదాని తలుపు తీసి చూశాడు, వేశాడు, మళ్ళీ బయటికెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు.

“ఇదిగో, నీ రాకపోకలకి నా కొట్టు తలుపు ‘జి’కి దిగజారింది. లోపలుండు, లేదా బయటుండు!” అని అరిచాడు వెర్నర్.

ఐగిల్ బయటే ఉన్నాడు.

ఇంటికొచ్చాక కూడా కాలు నిలవలేదు. పాత ఫ్రిజ్జు మీద కొన్ననాటి లేబుల్ అలాగే ఉంది, ‘ఏ ప్లస్ ప్లస్’. జనం ఇంటికి తేగానే పీకేస్తారు. ఐగిల్ మాత్రం పెళ్ళి ఫోటోకన్నా జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాడు. దాన్ని చూస్తుంటే ఒక పాడు ఆలోచన పుట్టింది. ‘డి’ తెచ్చి, దాని మీద ఇది అంటిస్తే? గోటితో ఒక మూల లేపాడు. ఇంకొంచెం లేపాడు. పర్రుమంది. ఒక ప్లస్ నిలువునా పోయి మైనస్ మిగిలింది.

వెనక తోవె నిలబడి ఉంది. “పాతికేళ్ళలో నువ్వు దొంగపని చెయ్యడం ఇదే మొదలు. అదీ రాలేదు,” అంది. “ఐగిల్, శుక్రవారం మా అన్న సాల్మన్ తెస్తాడు. వెన్న కరిగితే రాసుకోవచ్చు. సాల్మన్ పాడైతే ఏం చెయ్యమంటావు, వచ్చినవాళ్ళకి డాక్టరు చీటీలు పంచమంటావా?”

“చూస్తాను.”

“చూస్తూనే ఉన్నావు. మెడ నొప్పెట్టేలా చూస్తున్నావు.”

మంగళవారం చూశాడు, బుధవారం చూశాడు. గురువారం వెర్నర్‌కి ఫోన్ చేసి ‘డి’ పంపమన్నాడు. అంతలోనే వెర్నర్ వ్యాను మీద గోడంత అక్షరాలతో కొట్టు పేరుంటుందని గుర్తొచ్చింది. వీధంతా చూస్తుంది. మళ్ళీ ఫోన్ చేసి వద్దన్నాడు. ఈలోగా పాలూ వెన్నా బాల్కనీలో నీడన, తడిగుడ్డ చుట్టిన బకెట్లోకి చేరాయి.

శుక్రవారం సాల్మన్ వచ్చింది, ఐసు ముక్కల పెట్టెలో. సాయంత్రానికి ఐసు కాస్తా నీళ్ళయ్యేలా ఉంది. అదే సమయానికి కింద గుమ్మం దగ్గర గున్‌హిల్ద్ నిచ్చెనెక్కి బీచ్ చెట్టు కొమ్మలతో ద్వారం కడుతోంది. వెండి పెళ్ళి ద్వారాలు కట్టడంలో ఆ వీధికి ఆవిడే పెద్ద. నిచ్చెన మీంచి చూస్తే ఐగిల్ బాల్కనీ అరచేతిలో ఉన్నట్టే కనబడుతుంది.

“ఏమయ్యా ఛైర్మన్, ఆ బకెట్లో ఏమిటి?”

“మొక్కలు.”

“ఏ మొక్కలు? పాల మొక్కలా, వెన్న మొక్కలా?” గున్‌హిల్ద్ తాడు పళ్ళతో బిగిస్తూ అంది. “దేవుడి ఫ్రిజ్జు జూన్‌లో పనిచెయ్యదా? రిపేరుకి పిలవకపోయావా, నీకు బాగా తెలిసినాయనేగా!”

ఐగిల్ నోట్లో మంచి జవాబొకటి తయారైంది. పక్కన తోవె సాల్మన్ పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. పెట్టె మూల నుంచి నీళ్ళు ఆమె చెప్పు మీదికి బొట్లు బొట్లుగా కారుతున్నాయి. జవాబు మింగాడు. చేదు సారాకన్నా చేదుగా దిగింది.

“గున్‌హిల్ద్, నీ ఫ్రిజ్జులో ఒక్క అర ఇస్తావా?” అని అడిగేశాక గానీ, ఏప్రిల్‌లో తను ఇప్పించనన్నది ఎవరికో గుర్తురాలేదు. “అయినా నీకూ లేదు కదూ...”

ఆవిడ నిచ్చెన దిగింది. చేతులు గౌనుకి తుడుచుకుంది. “రండి ఇద్దరూ. నవ్వకూడదు.”

వంటింట్లో ఫ్రిజ్జు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. గున్‌హిల్ద్ వాళ్ళని పడగ్గదిలోకి తీసుకెళ్ళింది. మంచం పక్కన, తలగడ ఆనేంత దగ్గర్లో, కుట్టుపూల బల్లగుడ్డ కప్పుకుని ఏదో నిలబడి ఉంది. నెత్తిన జెరేనియం కుండీ. గుడ్డ ఎత్తింది. ఫ్రిజ్జు. దాని మీద కొత్త లేబుల్, ‘ఈ’.

“ఏప్రిల్‌లో నా డబ్బుతోనే కొన్నాను. వెర్నర్ చీకటి పడ్డాక దించిపోయాడు. ఏటా నువ్వు వంటిళ్ళు చూడ్డానికి వస్తావు, పడగ్గదికి రావుగా, అందుకని ఇక్కడ,” అంది. “రాత్రంతా గురక పెడుతుంది. ఆయన పోయాక గురక అలవాటు తప్పింది. మొదట్లో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడూ పట్టదనుకో, కానీ తోడున్నట్టుంటుంది.” తలుపు తీసింది. చల్లటి గాలి ముగ్గురి మోకాళ్ళకీ తగిలింది. “సాల్మన్‌కి అక్షరాలు రావు. లోపల పెట్టండి.”

ఐగిల్ నవ్వలేదు. ఎక్కడ చూడాలో తెలియక జెరేనియాన్ని చూశాడు.

మెట్లు దిగుతూ తోవె మెల్లగా అంది, అందుకే గట్టిగా వినబడింది. “రెండు నెలలు. ఆ గురక పక్కన రెండు నెలలు పడుకుని, ఇవాళ మన గుమ్మానికి ద్వారం కడుతోంది. నీకు భయపడి, ఐగిల్. నీకు! బస్సులు కూడా నీకు భయపడవు.”

“సభలో చెబుతాను.”

“సభ శీతాకాలంలో. రేపు ద్వారం కింద చెప్పు, అందరూ ఉంటారు. చెప్పకపోతే నేను నీ పక్కన నిలబడను. పాడేవాళ్ళలో నిలబడతాను. వెండి పెళ్ళి నువ్వొక్కడివే చేసుకో.”

తెల్లవారింది. కింద నుంచి పాట లేచింది. ఎవరిదో బాకా ఒకటి శ్రుతి తప్పి, అందర్నీ తనతో లాక్కుపోతోంది. ఐగిల్ పక్కకి చెయ్యి చాపాడు. పక్క ఖాళీ. గీతల పైజామాతోనే పరుగున దిగి తలుపు తీశాడు.

ద్వారం అద్భుతంగా ఉంది. నెత్తిన వెండి అంకెలు మెరుస్తున్నాయి. దాని కింద ఐగిల్ ఒక్కడే. ఎదురుగా వీధి వీధంతా ఉంది. ముందు వరసలో రాత్రి గౌను మీద కోటు తొడుక్కుని, గున్‌హిల్ద్ చెయ్యి పట్టుకుని తోవె. పాడుతోంది కూడా, భర్త మొహంలోకి సూటిగా చూస్తూ.

పాట ఆగింది. మాట్లాడాల్సింది పెళ్ళికొడుకు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు.

“మా ఫ్రిజ్జు పోయింది,” అన్నాడు. “మీరు తినబోయే సాల్మన్ గున్‌హిల్ద్ ఫ్రిజ్జులో ఉంది. ఆ ఫ్రిజ్జు ఆమె పడగ్గదిలో ఉంది. అక్కడ ఎందుకుందంటే, నేను పెట్టిన రూలు వల్ల. అక్షరాలు మారినప్పుడే దాన్ని తీసెయ్యాల్సింది. తియ్యలేదు. ఎందుకంటే అది నాది. దాని మీద కేకు తిన్నాను.”

అందరూ ఒక్కసారే నవ్వారు. వెనక నుంచి ఎవరో, “మా ఇంట్లోనూ ఉందయ్యా, స్నానాలగదిలో!” అన్నారు. “మాది బట్టల బీరువా వెనక!” అని ఇంకో గొంతు. “ఇప్పుడే రద్దు చేద్దాం, చేతులెత్తండి!” అని బాకా ఊదినతను అరిచాడు. వీధి నిండా చేతులు లేచాయి.

“చెల్లదు,” అన్నాడు ఐగిల్.

చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తోవె కనుబొమ్మలు వాటికన్నా పైకి లేచాయి.

“సభకి నాలుగు వారాల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవాళే ఇస్తాను. శీతాకాలం దాకా ఆగక్కర్లేదు, నాలుగు వారాల్లో ప్రత్యేక సభ, ప్రతిపాదన నాదే,” అన్నాడు ఐగిల్, నుదురు తుడుచుకుంటూ. “కానీ బరువు మొయ్యడానికి నోటీసు అక్కర్లేదు. ఫలహారం ఆ తర్వాతే. ముందు గున్‌హిల్ద్ ఫ్రిజ్జు వంటింట్లోకి పోవాలి. రూలు తప్పింది ఎవరని అడిగితే, ఛైర్మన్ మోశాడని చెప్పండి. ఎవరైనా రండయ్యా, నా నడుము సంగతి మీకు తెలుసు.”

తోవె గున్‌హిల్ద్ చెయ్యి వదిలింది. ద్వారం దాటి ఇవతలికొచ్చి, అతని పైజామా కాలరు సరిచేసింది. “మనది?” అంది.

“సభ అయ్యాక.”

“అయితే అప్పటిదాకా అర మనకి గున్‌హిల్ద్ ఇంట్లోనే.”

“తలుపు కొట్టి రండి మరి,” అంది గున్‌హిల్ద్.

పడగ్గదిలోంచి ఫ్రిజ్జు బయల్దేరింది. సాల్మన్ పళ్ళెం తోవె చేతుల్లో, జెరేనియం గున్‌హిల్ద్ చేతుల్లో, బరువంతా ఐగిల్ వైపు. గుమ్మం దగ్గర ఒరుసుకోబోతుంటే పైజామా మనిషి రొప్పుతూ అరిచాడు.

“మెల్లగా, మెల్లగా! లేబుల్ గీరుకుపోతుంది!”