గిన్నె మీది అక్షరాలు

"చేతులు కడుక్కొని జర ఒక సినిమా పేరు రాసియ్యే. జరసేపట్ల గది తీసిన కరుణాకర్ వస్తడు," అన్నాడు సుధాకర్, గిన్నెలు తోముతున్న కోమలతో.

మెట్‌పల్లిలో అతనిది పెళ్లి వీడియోల దుకాణం. యూట్యూబ్‌లో పెట్టే చిన్న సినిమాలకు పేర్లు కూడా రాసిస్తాడు. సుధాకర్ రాత చూస్తే చాలు, అది ఏం సినిమానో తెలిసిపోతుందని అందరూ అంటారు. ఆ రాత అతని భార్య కోమలది. దయ్యం సినిమాకు అక్షరాల అంచులు కిందికి కారాలని, ప్రేమకథకు బీరతీగలా చుట్టుకోవాలని, నవ్వుల సినిమాకు బొద్దుగా ఒకదాన్నొకటి తోసుకోవాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. బడిలో నోటుపుస్తకాల అట్టల మీద రాసీ రాసీ అబ్బింది.

"ఏం పేరు?"

"నిద్రమొగం కోడలు. మస్తు నవ్వొస్తది. అక్షరాలు ఎగురుతున్నట్టు రాయి."

కరుణాకర్ తీసిన సినిమాలో ఒక ముక్కను సుధాకర్ ఫోనులో చూపించాడు. కోడలు గిన్నెలు తోముతూ నల్లాకు తల ఆనించి నిద్రపోతుంది. మొగుడు చెంబెడు నీళ్లు నెత్తిన పోస్తాడు. చుట్టూ అందరూ నవ్వుతారు.

కోమల చేతిలో పీచు ఆగిపోయింది. పోయిన నెల అత్త లింగవ్వకు జ్వరమొస్తే నాలుగు రోజులు కన్ను మూయకుండా చూసుకొని, ఐదో రోజు ఇదే నల్లా దగ్గర ఒరిగిపోయింది తను. నీళ్లు పోసింది ఇతను. దుకాణంలో చెప్పి నవ్వించిందీ ఇతనేనన్నమాట. ఒళ్లోని గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా సుధాకర్ పేరు చెక్కి ఉంది. పెళ్లికి కోమల తల్లి పెట్టిన గిన్నె. ఇంట్లో ఏ గిన్నె మీదా కోమల పేరు లేదు. తోమేటప్పుడు ఆ చుక్కలు గరుకుగా తగిలేది మాత్రం ఆమె వేళ్లకే.

లేచి, కాగితమంతా నలుపు పూసింది. మధ్యలో సన్నగా, తెల్లటి చుక్కలతో పేరు రాసింది.

"గిదేంది, గిన్నె మీద చెక్కినట్టు? గిది చూస్తె ఎవలన్న నవ్వుతరా?"

"నవ్వరు."

"మార్సు."

లోపలి నుంచి లింగవ్వ గొంతు వినిపించింది. "చెప్పినట్టు రాసిస్తె నీదేం పోతదే?"

"గది నా నిద్ర, అత్తా."

కుంచె సుధాకర్ చేతిలో పెట్టింది. "వేరే తీరు గావాల్నంటె నువ్వే రాయి," అని మళ్లీ గిన్నెల ముందు కూర్చుంది.

వాకిట్లో బండి ఆగింది. "సుధాకరన్నా, అయిందా?" అని కరుణాకర్ పిలిచాడు.

సుధాకర్ కుంచె పట్టుకొని అలాగే నిలబడ్డాడు. అతనికి ఇలా అక్షరాలు రాయడం రాదని ఇంట్లోవాళ్లకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇంకాసేపట్లో కరుణాకర్‌కు తెలుస్తుంది.