ఇరవై పౌండ్ల అబద్ధం

ఆ రోజు ఇంట్లో ఏడుగురం ఉన్నాం. నాన్న, అమ్మ, నానమ్మ, అన్నయ్య కర్టిస్, ఎనిమిదేళ్ళ కవలలు టాడ్, టెస్, నేను. కుక్కని ముందు రోజే పక్క డెయిరీ వాళ్ళకి అప్పగించాం కాబట్టి అది లెక్కలోకి రాదు. లెక్క అని ఎందుకంటున్నానంటే, జూలైలో పెద్ద సరస్సుకి బయల్దేరే రోజు మా ఇంట్లో అన్నీ లెక్కే. బాత్రూంలో ఉండే బరువు మిషను ఆ రోజు వంటింటి మధ్యకి వచ్చేస్తుంది. బంగాళాదుంపల దగ్గర్నుంచి మనుషుల దాకా అన్నీ దానిమీదికి ఎక్కాల్సిందే.

మా వ్యాను చిన్నది. ఏడుగురు పడతారు, అంతే. దాని వెనక డబ్బాని తగిలించుకుని ఐదు గంటలు పోవాలి. డబ్బా అంటే మా క్యాంపర్. మడిస్తే నడుమెత్తు పెట్టె. అక్కడికెళ్ళి చక్రం తిప్పితే పైకప్పు లేచి, రెండు వైపులా మంచాలు రెక్కల్లా బయటికి వచ్చి, గుడ్డ గోడలు నిలబడి ఇల్లవుతుంది. మూత తియ్యగానే కిరసనాయిలు, తడిగుడ్డ, కిందటేడు వేయించిన చేపలు, మూడూ కలిసిన వాసన కొట్టేది. వాన పడుతున్నప్పుడు గుడ్డ గోడకి వేలు తగిలించకూడదు. తగిలిస్తే అక్కడ్నించి నీళ్ళు కారతాయి. టెస్ ప్రతి ఏడాదీ తగిలించేది, ప్రతి ఏడాదీ టాడ్ దుప్పటే తడిసేది.

నాన్నకి ఈ లెక్కల పిచ్చి ముందు లేదు. నాకు పదేళ్ళప్పుడు, సరస్సు ఇంకో గంటలో వస్తుందనగా ఒక పెద్ద దిగుడు ఉంటుంది, అక్కడ డబ్బా ఊగడం మొదలెట్టింది. బలిసిన దూడ తాడు పట్టుకున్నవాణ్ణి ఈడ్చినట్టు వ్యానుని ఇటూ అటూ ఈడ్చింది. నేను చివరి సీట్లో ఉన్నాను. వెనక అద్దంలో డబ్బా ఒకసారి కుడివైపు మొత్తం కనిపించింది, ఇంకోసారి ఎడమవైపు. నాన్న ఎలాగో పక్కన కంకర మీదికి తెచ్చి ఆపాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, చాలాసేపు వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ మరుసటి ఏడు నుంచీ మిషను వంటింట్లోకి వచ్చింది.

మనుషులూ సామానూ కలిపి పదిహేను వందల పౌండ్లు. అది నాన్న గీసిన గీత. నా చేతిరాత బావుంటుందని రాసే పని నాది.

ఆ ఏడు గీత దగ్గర గొడవ నానమ్మ వల్ల వచ్చింది. డబ్బా కొన్నది నానమ్మా తాతయ్యే. తాతయ్య పోయాక ఐదేళ్ళు ఆవిడ రాలేదు, వస్తానని అడగనూ లేదు. ఆ జూన్‌లో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి సాసేజీలు కోస్తూ కోస్తూ అంది: "ఒరే లెన్నీ, మోకాళ్ళు నన్ను ఇంకా ఆ డబ్బాలో మంచమెక్కనిస్తున్నప్పుడే ఒకసారి ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టొస్తానురా." నాన్న చూద్దామన్నాడు. మా ఇంట్లో చూద్దామంటే మిషను చెప్తుంది అని అర్థం.

అన్నయ్యకి కూడా ఆ ఏడే ఆఖరి అవకాశం. మేలో కాగితం మిల్లులో చేరాడు. కొత్తవాళ్ళకి మొదటి ఏడాది సెలవుల్లేవు. ఎవరెవరి ఆదివారాలో తను చేసి, వాళ్ళని తన బదులు పని చెయ్యడానికి ఒప్పించి, ఐదు రోజులు కూడబెట్టుకున్నాడు. మా ముందు మాత్రం, "మీరు ఏడుస్తారని వస్తున్నా, లేకపోతే ఆ దోమల్లో నాకేం పని" అనేవాడు. ఇది జరిగి మూడేళ్ళయింది. ఇప్పుడు వాడికి పెళ్ళయింది, వేరే ఇల్లుంది. జూలై వచ్చిందంటే మిల్లులో డబుల్ షిఫ్టులే.

పొద్దున్నే నాన్న పిలిచాడు. "రండి, ఒక్కొక్కళ్ళే."

కవలలు ఎక్కి గెంతారు. దించి మళ్ళీ ఎక్కించారు. తర్వాత అమ్మ.

"నేను డాక్టరు దగ్గర చూసుకున్నాలే. నూట ముప్ఫై ఎనిమిది రాయి" అంది అమ్మ.

"ఎప్పుడు చూసుకున్నావ్?"

"మొన్న."

"ఏ మొన్న డార్లీన్?"

"నువ్వు రాయవే రెనీ!"

రాశాను. అన్నయ్య నూట డెబ్బై ఎనిమిది. "అందులో నూట డెబ్బై మెదడే" అన్నాడు. నానమ్మ మిషను వైపు చూసి, "నన్ను కూడా మేత బస్తాలా తూస్తార్రా? నూట నలభై ఒకటి, రాసుకో" అంది.

"అది పెళ్ళినాటి లెక్కేమో అత్తయ్యా" అంది అమ్మ.

"నీది డాక్టరు లెక్కయితే నాది పెళ్ళి లెక్క. నీకేం?"

నా వంతు వచ్చేసరికి అందరూ అక్కడే ఉన్నారు. అన్నయ్య ఫ్రిజ్‌కి ఆనుకుని నవ్వుతున్నాడు. ఆ ఏడు మా బడిలో నర్సు మమ్మల్ని వరసగా నిలబెట్టి, మగపిల్లలు వింటుండగా బరువులు పైకి చదివింది. ఆ తర్వాత వారం నేను మధ్యాహ్నం అన్నం పెట్టె తెరవలేదు. మిషను చంకన పెట్టుకుని బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నాను.

"ఎలక కన్నంలోకి దూరింది!" బయట్నుంచి అన్నయ్య అరిచాడు. నేను పెద్దగా మాట్లాడనని వాడు నన్ను ఎలక అంటాడు.

నూట ఇరవై ఎనిమిది. పుస్తకంలో నూట ఎనిమిది అని రాశాను. చాలా గుండ్రంగా, అందంగా రాశాను.

తర్వాత సామాను. గీత దాటిపోతున్నకొద్దీ నాన్న ఒక్కొక్కటే తీయించాడు. సైకిళ్ళు, బొగ్గుల బస్తా, అమ్మ ఇనప మూకుడు, సగం దుంపలు. చివరికి తన పడవ మోటారు తనే దించాడు. అరవై పౌండ్లు. గరాజ్‌లో దానిమీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ సర్దుతూ కాసేపు అక్కడే ఉన్నాడు. వచ్చి మూడుసార్లు కూడాడు. పద్నాలుగు వందల తొంభై నాలుగు.

"అమ్మా, నువ్వొస్తున్నావ్" అన్నాడు.

నానమ్మ గదిలోకి వెళ్ళి నిమిషంలో పెట్టెతో వచ్చింది. ముందే సర్ది ఉంచుకుంది.

వ్యానుకి డబ్బాని తగిలించడం అన్నయ్యా నేనూ చేసేవాళ్ళం. వాడు కొక్కెం బిగించి, కింద గొలుసులు అడ్డంగా వేసి, ముందుకెళ్ళి బ్రేకు తొక్కుతాడు. నేను వెనక నిలబడి ఎర్రలైట్లు వెలిగితే బొటనవేలు పైకెత్తుతాను. ఆ రోజు ఎత్తలేదు. వాడు దిగి వచ్చాడు.

"లైటు పోయిందా?"

"కాదు. నా బరువు తప్పు రాశాను."

"ఎంత?"

"ఇరవై."

అన్నయ్య ఈల వేశాడు. "నాకెందుకు చెప్పావే? ఇప్పుడు నేనూ దొంగనే అయ్యాను."

"చెప్తే నానమ్మ ఆగిపోతుంది."

"మరి చెప్పకు."

"ఆ దిగుడు..." అన్నాను. డబ్బా ఊగిన రోజు వాడు కూడా నా పక్కనే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకున్నది వాడే.

"అయితే నాన్నకే చెప్పు. నన్ను మధ్యలో పెట్టకు" అని గొలుసు సరిచెయ్యడానికి వంగాడు.

నాన్న మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. పుస్తకం తెరిచి, నూట ఎనిమిది కొట్టేసి, పక్కన నూట ఇరవై ఎనిమిది రాసి ఆయన మోకాలి మీద పెట్టాను.

చాలాసేపు చూశాడు. "ఇదెప్పుడు పెరిగిందే?"

"మొదట్నుంచీ అంతే నాన్నా."

తిట్టలేదు. కాఫీ గడ్డిలో పారబోసి లేచాడు. "అందరూ వంటింట్లోకి రండి. ఈసారి నేను చూస్తా, నేనే రాస్తా."

అమ్మ నూట యాభై. "బూట్లతో ఎక్కాను మరి!" అంది.

"బూట్లు పన్నెండు పౌండ్లా?"

నానమ్మ కూడా నూట యాభై, పైగా చేతిసంచి పద్నాలుగు. సంచి బల్లమీద బోర్లిస్తే జపమాల, ప్రార్థన పుస్తకం, దోసకాయ ఊరగాయ సీసాలు రెండు, కాగితంలో చుట్టిన సాసేజీ, తాతయ్య చేపల కత్తి వచ్చాయి. "అక్కడ ఊరగాయ దొరకదు" అంది నానమ్మ, సీసాలు మళ్ళీ సంచిలో పెట్టుకుంటూ.

నాన్నకి అనుమానం వచ్చింది. పోయి డబ్బా మూత ఎత్తాడు. మేమంతా వెనకే వెళ్ళాం. దుప్పట్ల కింద అమ్మ మూకుడు ఉంది. దాని పక్కన దుంపల రెండో సగం ఉంది. కవలలు దాచిన రాళ్ళ బకెట్ ఉంది. రాళ్ళు నిండిన సరస్సు ఒడ్డుకి ఇంటినుంచి రాళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు మా కవలలు ఒక్కళ్ళే. బెంచీ పలక తీస్తే కింద, గుడ్డతో సహా, పడవ మోటారు.

అమ్మ నాన్న వైపు తిరిగింది. "బావుంది లెన్! నా మూకుడేమో దించావు."

"నేను పెట్టలేదు!"

"నేను పెట్టా" అన్నాడు అన్నయ్య. "మోటారు లేకపోతే ఈయన అక్కడ ఒడ్డున కూర్చుని మన దుప్పట్లు ఎలా మడవాలో చెప్తుంటాడు. ఐదు రోజులు ఎవరు భరిస్తారు?"

నానమ్మ నవ్వింది, తర్వాత అమ్మ. నాన్న నవ్వు ఆపుకోడానికి మోటారు ఎత్తుకుని గరాజ్ వైపు వెళ్ళిపోయాడు. అన్నీ మళ్ళీ దించాం, ఊరగాయ సీసాలతో సహా. నాన్న ఈసారి కూడలేదు. పుస్తకం నాకిచ్చేశాడు.

"మీ లెక్కలు నాకొద్దు. కర్ర చెప్తుంది."

డబ్బా తగిలించే కొక్కేనికీ నేలకీ మధ్య ఎంత ఎత్తుండాలో అంత కొలిచి కోసిన కర్ర అది. అందరూ ఎక్కి కూర్చున్నాక కొక్కెం కింద కర్ర నిలబడితే బయల్దేరచ్చు. నిలబడకపోతే వెనక బాగా కుంగిందని అర్థం. అలా కుంగితే ముందు చక్రాలు తేలికైపోతాయి, దిగుడులో డబ్బా మాట వినదు.

ఎక్కాం. ముందు అమ్మ, నాన్న కోసం ఖాళీ వదిలిన స్టీరింగు సీటు. మధ్యలో నానమ్మా నేనూ. చివర్న అన్నయ్య, అటూ ఇటూ కవలలు. నాన్న బరువుకి బదులు ఆయన సీట్లో దించిన దుంపలూ బొగ్గులూ పెట్టాం. నాన్న వ్యాను వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కర్ర కొక్కేనికి తగిలిన చప్పుడు వినిపించింది. మళ్ళీ తగిలింది. మూడోసారి కూడా.

"రెండు వేళ్ళు తక్కువ" అన్నాడు నాన్న.

నానమ్మ తలకి పువ్వుల రుమాలు కట్టుకుని, బెల్టు పెట్టుకుని, నేరుగా ముందుకి చూస్తోంది. చూస్తూనే బెల్టు మీట కోసం చేత్తో తడిమింది.

"నన్ను దించెయ్యరా లెన్నీ. సరస్సెక్కడికీ పోదు."

నాన్న వద్దనలేదు. అది నాకు బాగా గుర్తు. వద్దంటాడేమోనని నేను చూశాను, అమ్మ కూడా చూసింది. నానమ్మకి మీట దొరకడం లేదు. నేను దాన్ని నా చేత్తో కప్పేశాను.

అప్పుడు చివరి సీట్లోంచి అన్నయ్య టెస్‌ని దాటి, నా భుజం మీద చెయ్యానించి, తలుపులోంచి బయటికి దూకాడు. వ్యాను వెనక భాగం ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచింది. కూర్చున్న అందరికీ తెలిసింది.

"ఎవరు దిగారు?" వెనక నుంచి నాన్న.

"నేనే. కర్ర చూడు."

కాసేపటికి నాన్న గొంతు వచ్చింది. "నిలబడింది."

"కర్టిస్, నీ సెలవు..." అని మొదలెట్టింది అమ్మ.

"మిల్లు వాళ్ళకి తిరిగిచ్చేస్తా. దోమలకి కూడా చెప్పండి నేను రాలేదని, పాపం ఎదురుచూస్తాయి." తన దుప్పటి మూట తీసుకుని భుజాన వేసుకున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు కానీ మా ఎవరి వైపూ చూడటం లేదు.

"నేను దిగుతా అన్నయ్యా" అన్నాను. "తప్పు నాది."

"నువ్వు దిగితే కర్ర దూరదే. నువ్వు దాచిన ఇరవై కలిపినా నీ బరువు చాలదు. ఇంకా తినాలి నువ్వు."

నానమ్మ వాడి మణికట్టు పట్టుకుంది. "నువ్వు లేకపోతే అక్కడ డబ్బాని వెనక్కి ఎవరు పెట్టిస్తార్రా?"

అన్నిటికంటే కష్టమైన పని అది. మా చోటు రెండు దేవదారు చెట్ల మధ్య ఉంటుంది, వ్యానుని వెనక్కి నడిపి డబ్బాని ఆ సందులోకి పంపాలి. ఎవరైనా బండిని వెనక్కి పెడుతున్నారంటే చుట్టుపక్కల గుడారాల వాళ్ళంతా కుర్చీలు వేసుకుని, కాఫీలు పట్టుకుని చూస్తారు. అక్కడ అంతకంటే వేరే వినోదం లేదు. వెనక నిలబడ్డవాడు అందరి ముందూ గట్టిగా అరవాలి. ఎడమ, ఇంకా ఎడమ, ఆగు.

"ఎలక పెట్టిస్తుంది" అన్నాడు అన్నయ్య.

"నేను అరవలేను! అందరూ చూస్తారు!"

"అరవక్కర్లేదు. పక్క అద్దంలో నాన్న మొహం నీకు కనిపించేట్టు నిలబడు. ఆయన నీకు కనిపిస్తే నువ్వు ఆయనకి కనిపిస్తావ్. చెయ్యెత్తు, చాలు."

"అన్నయ్యా, నాకు..."

"కాళ్ళు లోపల పెట్టుకో" అని, నేను మాట పూర్తిచేసేలోపు తలుపు లాగి మూసేశాడు.