వంటక్కకు ‘చాలు’ దొరికిన రోజు

ఆసుపత్రిలో బట్టలు ఉతికే గదికి పైన ఒక పొడవాటి గది ఉంది. కింద యంత్రాలు తిరుగుతున్నంతసేపూ పైన గచ్చు గోరువెచ్చగా ఉంటుంది. ఆ గదిలో కుర్చీల్లో ఒక్కదానికీ చేతులుండవు. మొదట్లో అక్కడికి వచ్చినవాళ్ళెవరూ చేతులున్న కుర్చీలో పట్టేవాళ్ళు కారు మరి. ఇప్పుడు వాళ్ళలో సగంమంది ఏ కుర్చీలోనైనా దర్జాగా కూర్చోగలరు గానీ, కుర్చీలు మార్పిద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేయించుకున్నవాళ్ళు ప్రతి శనివారం మధ్యాహ్నం అక్కడ చేరి, కలిసి భోంచేసి, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుని వెళతారు.

ఆ శనివారం వంటక్క మెట్లెక్కుతూ, ఇక్కడికి రావడం ఇదే ఆఖరు అనుకుంది. ఎవరినైనా వదిలి రావడమంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ భయమే. రైల్లో గంటసేపు పక్కన కూర్చున్న మనిషి దిగిపోయినా దిగులుపడే రకం.

ఆమె పిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఆపరేషన్ అయి మూడు నెలలు దాటింది. బరువు తగ్గుతోంది, మోకాళ్ళు మాట వింటున్నాయి. అంతా బాగానే ఉంది గానీ, తిన్న ప్రతిసారీ చివరికి సింకు దగ్గరికి పరుగెత్తాల్సి వస్తోంది. డాక్టరు గొట్టం వేసి చూశాడు. “లోపల దారి చక్కగా ఉందమ్మా, అడ్డమేమీ లేదు. ఆ చివరి ముద్దే మీకు ఎక్కువవుతోంది. చాలు అనిపించగానే ఆపెయ్యండి, అంతే” అన్నాడు. చాలు అన్నది ఒంట్లో ఎక్కడ అనిపిస్తుందో మాత్రం చెప్పలేదు. ఏళ్ళ తరబడి పొయ్యి దగ్గర నిలబడే ఉప్పు చూసి, కారం చూసి, గిన్నె అడుగున మిగిలింది ఊడ్చుకు తిన్న మనిషికి ఆకలి ఎక్కడ పోయిందో, కడుపు ఎప్పుడు నిండిందో గమనించే తీరిక ఏనాడూ దొరకలేదు.

వెనకాలే వదిన ఎక్కుతోంది. అన్న పోయాక వదినా మరదళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. వదిన బడిపిల్లల దుస్తులు కుడుతుంది.

“గుర్తుందిగా? ఇవాళ కూడా కక్కుకున్నావో, సోమవారం నిన్ను ఆ హాస్టలుకి పంపేది లేదు. తిండి మధ్య నిలబడితే నీకెలా నయమవుతుందే? హాయిగా నా పక్కన కూర్చుని గుండీలు కుట్టుకో.”

“గుండీలు అన్నం పెట్టమని వరసలో నిలబడవు కదా వదినా.”

“అదేగా నేను చెప్పేది!”

ఆపరేషన్‌కని వంటక్క పెట్టిన సెలవు ఆదివారంతో అయిపోతుంది. పెద్ద గిన్నె మీద గరిటె తగిలే చప్పుడు, పళ్ళేలు పట్టుకుని తోసుకునే పిల్లలు లేకుండా మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయో ఆమె ఊహకు అందలేదు. వంటే మానేశాక ఈ గదికి మాత్రం ఏ మొహం పెట్టుకుని రావాలి? అందుకే ఒక్కొక్కరినీ కళ్ళ నిండా చూసుకుంటూ కూర్చుంది.

ఉడికించిన గుడ్లు, మెత్తటి చేప, బంగాళాదుంప ముద్ద, పెరుగు. అన్నీ టీకప్పు కింద పెట్టే సాసరంత పళ్ళేల్లో, పసిపిల్లల చెంచాలతో. ఒక్కొక్క ముద్దా నమిలి నమిలి మింగుతున్నారు. ఉన్నట్టుండి బస్సు నడిపే ఆయన గది అదిరేలా తుమ్మి, చెంచా కింద పెట్టేశాడు. ఆయన్ని అక్కడ అందరూ బస్సన్న అంటారు.

“స్టాపొచ్చింది. దిగండి, దిగండి!”

“అప్పుడేనా? సగం గుడ్డు కూడా తినలేదు కదండీ!” అంది వదిన.

“మా కండక్టరు ముక్కులో కూర్చుంటాడమ్మా. నిండిందా, తుమ్ము కొడతాడు. ఆపైన ఒక్క మెతుకునూ ఎక్కనివ్వడు.”

పక్కనున్న టీచరమ్మ నవ్వింది. “నాకు ఎక్కిళ్ళు. మొదట్లో తెలియక, మా అత్తగారు తిట్టుకుంటోంది కాబోలు అనుకునేదాన్ని. పాపం, ఆవిడ తప్పేం లేదు.”

వంటక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాకు తుమ్మూ రాదు, ఎక్కిళ్ళూ రావు. నాకు గంట పెట్టడం మరిచిపోయి కుట్టేశారేమో.”

“అందరికీ ఏదో ఒకటి ఉంటుంది వంటక్కా. వెతుక్కోవాలి.”

“ఎక్కడని వెతకను టీచరమ్మా, గరిటెల బుట్టలోనా?”

అందరూ నవ్వారు. ఆమె తల వంచుకుని చెంచా అందుకుంది. ఒక ముద్ద, ఇంకో ముద్ద. చేప బాగుంది. దుంప ఇంకా బాగుంది. కాసేపటికి ఆమె తలెత్తి పక్కకు చూసింది.

“నువ్వేం తినడం లేదేమిటి వదినా? ఇదిగో, ఈ ముక్క వేసుకో. తిను.”

అంటూనే ఎడమ చేత్తో చేప పళ్ళెం వదిన వైపు జరిపింది, కుడి చేత్తో తన తర్వాతి ముద్ద తీసుకుంది.

వదినకు ఒళ్ళు మండింది. “నా నోట్లో ముద్ద కనిపించడం లేదుటే? ఇంట్లోనూ ఇదే వరస చూడండి. కూర్చున్నప్పుడు కిక్కురుమనదు. నాలుగు ముద్దలు లోపలికి వెళ్ళాయో లేదో, తిను తిను అంటూ నా పళ్ళెం మీద పడుతుంది. నన్ను కుక్కి కుక్కి, ఆ వెంటనే తను లేచి సింకు దగ్గరికి పరుగు!”

బస్సన్న కుర్చీలో ముందుకు జరిగాడు. “ఆగండాగండి. ఏదీ, మళ్ళీ చెప్పండి. తిను అంటుంది, ఆ వెంటనే సింకు దగ్గరికా?”

“ఆ.”

“రోజూనా?”

వదిన నమలడం మానేసింది. “రోజూ... అవునండోయ్!”

“మీరు ఇంట్లో లేనప్పుడో?” అంది టీచరమ్మ.

వంటక్క సిగ్గుపడుతూ గొణిగింది. “కిటికీ దగ్గరికి పిల్లి వస్తుంది. దాన్ని బతిమాలుతాను.”

“చెంచా కింద పెట్టు!” టీచరమ్మ గొంతు క్లాసులో పలికినట్టు పలికింది. వంటక్క ఉలిక్కిపడి, ముద్దతో సహా చెంచా కింద పెట్టేసింది.

“అదే నీ తుమ్ము తల్లీ!” అన్నాడు బస్సన్న. “నీ కడుపు నిండగానే నీకు పక్కవాళ్ళ కడుపు గుర్తొస్తోంది. ఇన్నాళ్ళూ నీ గంట నీ నోట్లోనే మోగుతోంది. మేమంతా విన్నాం, నువ్వొక్కదానివే వినలేదు.”

గదిలో అందరూ ఆమెనే చూస్తూ కూర్చున్నారు. “అలా చూడకండి బాబూ, పెళ్ళిచూపుల్లా ఉంది” అంది గానీ, ఆమె చూపు కూడా తన కడుపు మీదే ఉంది. మామూలుగా ఈపాటికి గొంతు దాకా పొంగుకొచ్చేది. కింద యంత్రం ఆగింది. ఎవరో తడిబట్టలు బయటికి లాగి, ఇంకో మోపు లోపల వేశారు. మళ్ళీ గచ్చు సన్నగా వణికింది. ఆమె లేవలేదు. లేవాల్సిన అవసరం రాలేదు.

“ఎలా ఉందే?” అని వదిన గుసగుసగా అడిగింది.

“హాయిగా ఉంది” అంది వంటక్క. ఆ మాట నమ్మబుద్ధి కాక ఇంకోసారి అంది. “హాయిగా ఉంది వదినా!”

వదిన ఆమెను గట్టిగా వాటేసుకుంది. కళ్ళు తుడుచుకుంటూనే తిట్టడం మొదలుపెట్టింది. “ఓసి నీ దుంప తెగ! నామీద ప్రేమ కొద్దీ పెడుతున్నావని ఈ మూడు నెలలూ పూటకు రెండు ముద్దలు ఎక్కువ తిన్నానే! నా నడుం చూడు. వచ్చే ఏటికి ఈ కుర్చీలో నేను కూర్చోవాలి!”

“ప్రేమే వదినా.”

“ప్రేమైతే మొదటి ముద్దప్పుడు చూపించు. సోమవారం పనికి పద. నీ వంటింటివాళ్ళకు నేనే వచ్చి అప్పజెబుతాను.”

అన్నట్టే సోమవారం వదిన హాస్టలుకి వచ్చింది. కూరలు తరిగే ఆవిడనూ, గిన్నెలు తోమే ఆవిడనూ పిలిచి, “ఈవిడ ఎవరినైనా తిను అందంటే, చేతిలో ఉన్నది లాగేసుకోండి. మొహమాటం వద్దు” అని చెప్పి మరీ వెళ్ళింది.

మధ్యాహ్నం పిల్లలు వరస కట్టారు. వంటక్క గరిటె ముంచి, “తిను నాన్నా, కడుపు నిండా తిను” అందో లేదో, గిన్నెలావిడ సబ్బు చేతులతో పరుగున వచ్చి గరిటె లాగేసుకుంది.

“అయ్యో, ఇది నేను తినేది కాదే!”

“చేతిలో ఉన్నదల్లా అన్నారు మీ వదినగారు.”

గరిటె తిరిగొచ్చింది. ఇంకో పిల్లాడు, ఇంకో “తిను నాన్నా”. ఈసారి కూరలావిడ లాక్కుపోయింది. పిల్లలకు ఇదేదో ఆట అని తోచింది. “నన్నూ తినమను, నన్నూ తినమను” అని ఎగబడ్డారు. ఆ పూట హాస్టల్లో వడ్డన సగం నవ్వులతోనే అయింది.

పిల్లలు వెళ్ళాక ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. వంటక్క చిన్న చెంచాతో నెమ్మదిగా తింది. ఆడవాళ్ళిద్దరూ తమ పళ్ళేలు వదిలేసి, ఆమె నోటినే కనిపెట్టి కూర్చున్నారు.

“ఏమిటీ, మీరిద్దరూ అలా చూస్తూ కూర్చున్నారు? తిన...”

మాట సగంలో తెగింది. వంటక్క చెంచా తనే కింద పెట్టి, పళ్ళెం తనే దూరంగా జరిపింది. అప్పటికే గాల్లోకి లేచిన నాలుగు చేతులు ఏం చేయాలో తెలియక అలాగే ఆగిపోయాయి.