మొదట కొన్న మాట

పోయిన శ్రావణం ముగిసేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: ఎనిమిది వందల ప్లాస్టిక్ కుర్చీలు, ఇరవై రెండు షామియానాలు, మూడు మైకు సెట్లు, ఒక జనరేటరు, ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీద రేకుల గోడౌను, పుష్ప అనే భార్య, కరీం సాబ్ అనే స్నేహితుడు. కుడి చెయ్యి సగం. నోట్లో మాట ఒక్కటీ లేదు.

ఉరుకుందలో ఈరన్న ఉత్సవాలకు వేసిన షామియానాలు విప్పించి లారీకి ఎక్కిస్తుంటే నా కుడి చేతిలోంచి తాడు జారిపోయింది. పట్టుకోమని కూలీని కేకేయబోయాను. కేక రాలేదు. ఆ తర్వాత నేల తగిలింది. తన ప్రార్థన కూటానికి కుర్చీలు మాట్లాడుకుందామని అప్పుడే అక్కడికి వచ్చిన ప్రేమ్ కుమార్ నన్ను ఎత్తి కారులో వేసుకున్నాడు. ఎమ్మిగనూరు ఆసుపత్రిలో ఆగి, అక్కడ కాదంటే కర్నూలు దాకా పోనిచ్చాడు. పక్షవాతమని, ఇంకో గంట ఆలస్యమైతే కాలు కూడా పోయేదని డాక్టరు అన్నాడు. ఈ సంగతి ముందే రాస్తున్నాను. ఇకమీదట అతని గురించి కోపంగా రాయబోతున్నాను కాబట్టి, అతనికి దక్కాల్సింది మొదటే దక్కాలి.

ప్రేమ్ కుమార్ ప్రార్థన కూటాలు నడుపుతాడు. మంచివాడు. నాకు వచ్చిన కష్టమే అది.

నేను ఏ దేవుణ్ణీ నమ్మను. పేరు ఆంజనేయులు, అది మా నాయన పెట్టింది, నన్నడిగి పెట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఈ ప్రాంతంలో అందరి దేవుళ్లకూ నీడ వేసేది నేనే. ఈరన్నకు వేశాను, దర్గా ఉరుసుకు వేశాను, సువార్త సభలకు వేశాను. గుంజ పాతేటప్పుడు గుంట లోతు చూస్తాను గాని, దాని కింద ఎవరి పేరు పిలుస్తారో చూడను. బాడుగకు ఒప్పుకున్నాక కార్యక్రమం అయ్యేదాకా మైకు ఆపకూడదు. నాకున్న నియమం అదొక్కటే. ఎవరైనా నన్ను కూడా లోపలికి రమ్మంటే నవ్వి, "వద్దప్పా" అనేవాణ్ణి. వాళ్లూ నవ్వి ఊరుకునేవాళ్లు. ఆ ఒక్క మాట నాకు ఎంత కాపలా కాసిందో అది పోయాక గాని తెలియలేదు.

నోరు పడిపోయిన మనిషి మంచం అందరికీ తెరిచిన మైదానమైపోతుంది. మొదట గుడి వాళ్ల తరఫున నరసప్ప వచ్చాడు. విభూతి నా నుదుటి నిండా పూసి, "ఈరన్న కొలువులో ఉంటూ ఈరన్నకు చెయ్యెత్తలేదు గదా, అందుకే ఈ పొద్దు చెయ్యే లేకపాయె" అన్నాడు, పక్కనున్న పుష్పకు వినపడేట్టు. ఆ వారమే దర్గా నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి నా పడిపోయిన చేతికి తాయెత్తు కట్టిపోయారు. దాన్ని కరీం సాబ్ సాయంత్రం వచ్చి కత్తెరతో కత్తిరించాడు.

"నేను ఐదు పూటలా నమాజు చేసుకుంటాను గదప్పా, ముప్పై ఏళ్లల్లో నిన్ను ఒక్కసారన్నా రమ్మంటినా? యాంప్లిఫయరు ముందర నీ పక్కనే కూర్చుంటి. ఈళ్లకేం పట్టిందంట?" అని తిడుతూనే నా చేత టీ తాగించాడు. కరీం సాబ్ నా దగ్గర మైకు చూసుకునేవాడు. నేను పడ్డాక గోడౌనూ అతనే చూసుకున్నాడు.

ప్రేమ్ కుమార్ ప్రతి మంగళవారం నలుగురిని వెంటబెట్టుకొని వచ్చేవాడు. మంచం చుట్టూ నిలబడి పాడేవాళ్లు. నా తల మీద నూనె రాసేవాళ్లు. నేను ఎడమ చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. ఆ చేతినే ప్రేమగా రెండు చేతులతో పట్టుకునేవాళ్లు. తల అడ్డంగా ఊపితే ప్రేమ్ కుమార్ కళ్లు మూసుకొని, "చూసినారా, లోపలుండే శత్రువు ఎట్ల ఊపుతాండాడో" అనేవాడు. నా తల నేనే ఊపుకుంటున్నానయ్యా అని చెప్పడానికి నాకు నోరేది? నా కాదనడాన్ని కూడా తీసుకుపోయి ఇంకెవరి పేరు మీదో రాసేశారు. అన్నిటికంటే అదే నన్ను మండించింది.

పుష్ప వాళ్లను ఆపలేదు. "ఆ పొద్దు ఆయన లేకుంటే నువ్వు యాడ ఉందువు? పాడుకోనీలే, అర్ధగంటే గదా" అంది. నాకు కోపం వచ్చింది. కానీ ఆమె చెప్పిన లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కర్నూలు ఆసుపత్రిలో మాటలు నేర్పే మేడమ్ ఒకామె పుష్పకు ఒక కాగితం రాసిచ్చింది. రోజుకు రెండు పూటలు, ఒక్కో మాటా ముక్కలు చేసి, మణికట్టు మీద తడుతూ పలికించాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో మీ ఇష్టం, ఆయనకు బాగా అవసరమైన మాట చూసుకోండి అని చెప్పింది. పుష్ప "నీళ్లు"తో మొదలుపెట్టింది. నేను పెదవి బిగించాను. "కాఫీ" అంది. మొహం తిప్పుకున్నాను. నీళ్లకు, కాఫీకి, బాత్రూముకు వేలు చూపిస్తే చాలు. కష్టపడి ఒకే ఒక మాట కొనుక్కోవాలంటే సైగతో జరగని పనికి కొనాలి. ఈ లెక్క ఆమెకు ఎలా చెప్పను? రాసి చూపిద్దామన్నా అప్పటికి ఎడమ చేత్తో ఒక్క అక్షరమూ కుదిరేది కాదు.

ఒక మంగళవారం పాటలు అయిపోయి వాళ్లు వెళ్లిపోయాక, నేను ఎడమ పిడికిలితో మంచం పట్టెను గుద్దుతూ ఉంటే పుష్ప చేతిలో చాట కింద పెట్టి వచ్చి కూర్చుంది. చాలాసేపు నా మొహంలోకి చూసింది.

"ఏమయ్యా, వద్దు అనాలనా?"

నాకు ఏడుపు వచ్చింది. ఆమె కూడా కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత నా మణికట్టు అందుకొని రెండు దెబ్బలు తట్టింది. "వ. ద్దు."

ఐదో తరగతి చదివిన మనిషి ఆమె. 'వ' రావాలంటే కింది పెదవి పై పళ్లకు తగలాలి, నా పెదవి కుడివైపు జారిపోయి ఉంది. ఆమె వేలితో ఎత్తి పట్టుకునేది. చొంగ కారితే తుడిచేది, మళ్లీ పట్టుకునేది. ఒక్క 'వ'కే ఐదు వారాలు పట్టింది. 'ద్దు'కు అంతకు రెట్టింపు. పొద్దున పొయ్యి వెలిగించక ముందు ఒక పూట, సాయంత్రం దీపం పెట్టాక ఒక పూట. జ్వరంతో ఉన్నప్పుడు కూడా వచ్చి తట్టింది. ఒకసారి విసిగిపోయి, "నీతో పెండ్లయినప్పుడు కూడా ఇన్నిసార్లు వద్దని అనుకోలేదు పో" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే 'ద్దు' సగం వచ్చింది.

ఏడో నెలలో మాట నిలిచింది. మూడుసార్లు ప్రయత్నిస్తే ఒకసారి వచ్చేది. ఇంటి బయట ఈ సంగతి తెలిసినవాడు కరీం సాబ్ ఒక్కడే. వచ్చే మంగళవారానికి అది ప్రేమ్ కుమార్‌కు వినిపించాలని మేం ముగ్గురం కాచుకొని కూర్చున్నాం. ఆ మంగళవారం అతను రాలేదు. ఆదోనిలో మూడు సాయంత్రాల సువార్త సభ ఏర్పాట్లలో ఉన్నాడు. షామియానా, కుర్చీలు, మైకు, అన్నీ నావే.

మొదటి సాయంత్రం పుష్పతో కలిసి నేనూ వెళ్లాను. పడిపోయాక నా సరుకు మధ్య కూర్చోవడం అదే మొదటిసారి. యాంప్లిఫయరు దగ్గర కరీం సాబ్ పక్కన కుర్చీ వేయించుకున్నాను. అప్పుడు చూశాను, నా గుంజకే కట్టి ఉన్న ఫ్లెక్సీని. 'రండి! మూగవాడు మాట్లాడును!' అని రాసి ఉంది. దాని కింద నా ఫోటో. మా గోడౌను ప్రారంభం రోజుది.

"ఇదేందప్పా!" అన్నాడు కరీం సాబ్.

నాకు లెక్క అప్పుడు తెలిసింది. నేను అక్కడ మాట్లాడితే ఆ మాట వాళ్లదైపోతుంది. పుష్ప వేలితో ఎత్తి పట్టుకున్న పెదవి, ఇన్ని నెలల పొద్దులు, సాయంత్రాలు, అన్నీ ఒక్క అరుపుతో ఇంకొకరి పేరు మీదికి పోతాయి. మాట్లాడకపోతే ఇంకా ప్రార్థించాలంటారు, మళ్లీ మంగళవారాలు మొదలు. నోరు మూసుకోవడమే తక్కువ నష్టమని తేల్చుకున్నాను. సరుకు చేతిలో ఉన్నా సంత చెడ్డదైతే మూట విప్పకూడదు.

ఇద్దరు పిల్లగాళ్లు వచ్చి నన్ను కుర్చీతో సహా ఎత్తి వేదిక మీద పెట్టారు. తల అడ్డంగా ఊపాను. ఎప్పటిలాగే అది కూడా వాళ్లకే పనికొచ్చింది. వేరే ఊరినుంచి వచ్చిన బోధకుడు నా తల మీద అరచెయ్యి పెట్టి నొక్కి చాలాసేపు ప్రార్థించాడు. తర్వాత మైకు నా నోటికి ఆనించాడు. ముప్పై ఏళ్ల అలవాటు, మైకు పెదవికి తగలగానే నాలుక "హలో" అనడానికి లేచింది. పళ్లు బిగించి దాన్ని పట్టుకున్నాను. నాలుగు వందల మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నిమిషం గడిచింది.

బోధకుడు మైకు తన వైపు తిప్పుకున్నాడు. "ఈయన నోరు ఎందుకు తెరుచుకోలేదో ప్రభువు నాకు బయలుపరిచినాడు. ఈ ఇంట్లో ఒకరి అవిశ్వాసం అడ్డుగోడగా నిలబడింది. ఈయన భార్య ఎక్కడుంది? లేచి నిలబడమ్మా!"

ఆడవాళ్ల వరసలో పుష్ప లేచింది. తల వంచుకొని ఉంది. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఉంది.

"నీవల్లే తల్లీ నీ భర్త మూగవాడుగా కూర్చున్నాడు. ఈ సభ ముందు ఒప్పుకో."

ఇంక నా లెక్క నిలవలేదు. ఎడమ చేత్తో మైకు లాక్కున్నాను. పెదవిని మైకు జాలీకి నొక్కి పైకెత్తాను.

"వద్దు!"

నా హారన్లన్నీ ఆ మాటను మైదానం చివరిదాకా మోశాయి. మరుక్షణం జనం లేచారు. హల్లెలూయా అన్నారు, చప్పట్లు కొట్టారు, కీబోర్డు మోగింది. ప్రేమ్ కుమార్ ఏడుస్తూ నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నేను వద్దంటే, వద్దన్నందుకు నాలుగు వందల మంది హల్లెలూయా అన్నారు. ఇంతకంటే పెద్ద అన్యాయం నా వ్యాపారంలో నేను చూడలేదు.

కరీం సాబ్ వైపు చూశాను. అతను మైకు ఆపలేదు, మా నియమం తప్పలేదు. కీబోర్డు తాలూకు బటన్ మాత్రం సున్నాకు తిప్పి, నా మైకు పెంచాడు. ఆ సందులో నాలుక ఎలా తిరిగిందో నాకే తెలియదు, ఎన్నడూ ప్రయత్నించని రెండు మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

"పుష్...ప. నేర్...పింది."

ఆ చప్పట్ల మధ్య ముందు రెండు వరసలకే వినపడింది. పుష్పకు వినపడింది. ఆమె తల ఎత్తింది.

మర్నాడు ఆదోనిలో ప్రతి ఫోనులోనూ ఆ వీడియో తిరిగింది. అది "వద్దు" దగ్గర మొదలై చప్పట్ల దగ్గర ఆగిపోతుంది. మిగతాది ఎవరు కోశారో తెలియదు. పదకొండు గంటలకు నరసప్ప శాలువా తెచ్చాడు. ఈరన్నకు వాళ్లు మొక్కిన మొక్కువల్లే మాట వచ్చిందట, ఈసారి ఉత్సవాల్లో నేను ఆ సంగతి చెప్పాలట. శాలువా అతని చేతిలోనే పెట్టి పంపింది పుష్ప.

మధ్యాహ్నం, రెండో రోజు సభకు పోయే ముందు, ప్రేమ్ కుమార్ యాపిల్ పండ్లు పట్టుకొని వచ్చాడు. "అన్నా, వచ్చే వారం ఎమ్మిగనూరులో సభ. నువ్వొచ్చి ఊరికే నిలబడితే చాలు. నీ సాక్ష్యం వాళ్లకు కావల్ల."

"వద్దు" అన్నాను. ఒక్క ప్రయత్నంలోనే వచ్చింది.

అతని మొహం వాడిపోయింది. "దేవుడిచ్చిన మాటతో దేవునికే వద్దంటావా అన్నా?"

"అడ...గ లేదు. నన్ను." ఆ రెండు ముక్కలకు నాకు చెమట పట్టింది.

అతను మెల్లిగా అన్నాడు. "ఉరుకుందలో ఆ పొద్దు కూడా నిన్నడగలేదు గదన్నా. అడక్కుండానే ఎత్తుకొని పోతిని. అడిగి ఉండాల్సిందా?"

నా దగ్గరున్న మాటల్లో దానికి జవాబు లేదు. ఎన్ని మాటలున్నా ఉండేది కాదేమో. అప్పుడు పుష్ప మాట్లాడింది.

"ఆ పొద్దు ఆయనకు తెలివి లేదప్పా. నువ్వు ఎత్తుకొని పోతివి, సచ్చేదాకా నీ పేరు సెప్పుకుంటాము. తెలివి వచ్చినాక గూడా ఎత్తుకొనే పోతాంటివి. తల ఊపితే సైతాను అంటివి. నిన్న అంతమందిలో నన్ను నిలబెడితే నువ్వు ఆడనే ఉంటివి గదా, నోరు తెరిస్తివా? ఆయనకన్నా జబ్బు. నీకేమైంది?"

ప్రేమ్ కుమార్ పండ్ల సంచి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత, "వదినా, ఇవి పెట్టిపోవచ్చునా?" అని అడిగాడు. పెట్టిపొమ్మంది.

ఇది జరిగి నాలుగు నెలలు. నా మాట ఇంకా నడవడం లేదు, పాకుతోంది. అందుకే ఈ మధ్యే కుదిరిన ఎడమ చేతి రాతతో ఇది రాస్తున్నాను. ఆ వీడియోలో కోసేసిన ముక్క ఎక్కడైనా ఒకచోట ఉండాలి గనుక.

మిగిలిన లెక్క చెప్తాను. కుర్చీలు అన్నే ఉన్నాయి, ఆరు విరిగాయి. ఈ శ్రావణంలో ఉరుకుంద పని నరసప్ప వేరేవాళ్లకు ఇప్పించాడు. ఊళ్లో సగం మందికి నేను ప్రభువు కృపతో మాట్లాడినవాణ్ణి, మిగతా సగం మందికి ఈరన్న దయతో. ఎదురుపడి చెప్పబోతే నా మాట పూర్తయ్యేలోగా వాళ్ల బస్సు వచ్చేస్తుంది. అది నష్టం కిందే రాసుకున్నాను, తిరిగి రాదు. వచ్చినవాటిలో మాటలు నూట పన్నెండు, అవన్నీ పుష్ప తట్టి ఇచ్చినవే. ఇంకొకటి, ప్రేమ్ కుమార్ ఇప్పటికీ కుర్చీలకు మా దగ్గరికే వస్తాడు. చెప్పులు విప్పి గడప అవతలే నిలబడి, "అన్నా, లోపలికి రావచ్చునా?" అని అడుగుతాడు. అడిగి, నేను తల ఎటు ఊపుతానో చూస్తాడు.