అద్దెకున్న ఊరు

సున్ తాత పోయిన ఆరో రోజున జపానులో పుట్టాడు. పుట్టించినవాడు ఇస్రాయేలు.

ఒమాన్‌లో, మస్కట్టు శివారు మబేలాలో టైపింగ్ షాపంటే ఏమిటో అక్కడ బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వీసా రావాలన్నా, రద్దు కావాలన్నా, పెళ్లాం దిగాలన్నా, శవం ఎక్కాలన్నా ముందు అక్కడికి వెళ్లి అరబ్బీ ఫారం నింపించుకోవాలి. ఆ ఫారాలు నింపేవాడు ఇస్రాయేలు. యానాం మనిషి, యాభై ఆరేళ్లవాడు, పాతికేళ్లుగా మస్కట్టులో ఇదే పని. అతనికి ఒకే ఒక సూత్రం ఉంది. రెండు కాగితాలు రెండు మాటలు చెబితే పాతదాన్నే నమ్మాలి. ఈ సూత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదు కాబట్టి ఆయనగారికి దాని మీద మహా గీర.

సున్ తాత అరవై ఎనిమిదేళ్ల చైనావాడు. ఒమాన్ తీరాన దుక్మ్‌లో కొత్త రేవు కడుతుంటే క్రేన్ పట్టాలు సరిచూడ్డానికి మూడు నెలలకని వచ్చాడు. రెండో నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తిని, కుర్చీలో అలాగే ఒరిగిపోయాడు. కంపెనీవాళ్లు మస్కట్టు తెచ్చి మార్చురీలో పెట్టారు. కూతురు సున్ మేయ్ దాలియన్ నుంచి వచ్చింది. దాలియన్ అంటే చైనాలో సముద్రం ఒడ్డున పెద్ద రేవు ఊరు. ఆవిడ అక్కడి రేవు ఆఫీసులో గుమాస్తా. గుమాస్తా కాబట్టి ఒక్క కాగితం అడిగితే కవరు నిండా తెచ్చింది. కొంప ముంచింది ఆ కవరే.

పాస్‌పోర్టులో పుట్టిన దేశం చైనా అని ఉంది. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. ఇస్రాయేలు మాత్రం కవరు అడుగు దాకా తవ్వి, పచ్చబడిపోయిన పుట్టుక చీటీ ఒకటి పైకి తీశాడు. దాని మీద జపాను చక్రవర్తి పేరుతో లెక్కపెట్టిన సంవత్సరం, జపాను ముద్ర ఉన్నాయని సున్ మేయ్ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. పాత కాగితం కదా! పుట్టిన దేశం దగ్గర జపాను అని టైపు చేసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, ప్రింటు తీశాడు.

శవం పంపడానికి అనుమతిచ్చే సర్కారు ఆఫీసులో కంప్యూటర్ దాన్ని మింగి కూర్చుంది. చైనా పాస్‌పోర్టు, జపాను పుట్టుక. జపాను వాళ్లు అభ్యంతరం లేదని రాసిస్తేగాని శవం కదలదన్నారు. జపాను ఎంబసీకి వెళ్తే మర్యాదగా టీ ఇచ్చి, ఈయన మా మనిషి కాడండీ అన్నారు. అదీ నిజమే.

సున్ మేయ్ వీసా శనివారంతో సరి. గురు, శుక్రవారాలు ఆఫీసులకు సెలవు. బుధవారం రెండు గంటల్లోపు పుట్టిన దేశం గడిలో మాట మారకపోతే తండ్రిని ఎవరూ ఎరగని మట్టిలో వదిలేసి ఆవిడ ఒక్కతే విమానం ఎక్కాలి. ఇది మంగళవారం సంగతి. ఆవిడ ఇస్రాయేలును ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

"ఏంది అన్నా నువ్వు, సచ్చినోన్ని దేశం మార్చినావే?" అన్నాడు జిలాని. కడప పిల్లగాడని అందరూ అనే ఆ జిలానికి నలభై ఏళ్లు. షాపులో జిరాక్స్ మిషను అతనిది. "ఉన్నదున్నట్టు పాస్‌పోర్టు చూసి కొట్టింటే పోయేది గదా!"

"ఆయ్, అయిపోయిందానికి ఏంజేత్తామయ్యా! నువ్వు టీ చెప్పు ముందు," అన్నాడు ఇస్రాయేలు.

టీ తాగుతూ, షాపులోనే కూర్చున్న సున్ మేయ్‌ని వాళ్ల దాలియన్ సంగతంతా అడిగాడు. ఆవిడ ఆఫీసు ఫైలు చదివినట్టు చెప్పుకుపోయింది. మొదట అక్కడ బెస్తవాళ్లుండేవారట. రష్యావాళ్లు చైనా చక్రవర్తి దగ్గర ఇరవై అయిదేళ్లకు అద్దెకు తీసుకుని, రేవు కట్టి, దాల్నీ అని పేరు పెట్టారు. ఏడేళ్లకే జపాను వాళ్లు యుద్ధంలో రష్యావాళ్లను గెంటేసి, మిగిలిన అద్దె తమ పేరున రాయించుకుని, దైరెన్ అన్నారు. గడువు దగ్గర పడుతుంటే తొంభై తొమ్మిదేళ్లకు పొడిగించుకున్నారు. వాళ్లు ఓడిపోయాక మళ్లీ రష్యావాళ్లు దిగి పదేళ్లు కూర్చున్నారు. ఆ పదేళ్లలోనే సొంత ప్రభుత్వం పక్క ఊరితో కలిపి లూదా అంది. ఎనభై ఒకటి నుంచి దాలియన్.

"మా తాత దాల్నీలో పుట్టాడు, నాన్న దైరెన్‌లో, నేను లూదాలో," అంది. "ముగ్గురం ఒకే గదిలో."

ఇస్రాయేలు టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏమన్నారమ్మా? అద్దెకా?"

"అవును. ముందు నుంచీ అద్దెకే."

"కొనలేదా?"

"లేదు."

"ఎవరూ?"

"ఎవరూ కొనలేదు."

"అదీ సంగతి!" అని బల్ల మీద చరిచాడు. "అమ్మా, మీ ఆఫీసుకి ఫోను చెయ్యండి. ఆ మాటే రెండు ముక్కలు రాసి, సీలేసి, ఫ్యాక్సు పంపమనండి."

తెల్లవారి పదింటికి ఫ్యాక్సు వచ్చింది. సున్ మేయ్ ఇంగ్లీషులో చెబుతుంటే ఇస్రాయేలు అరబ్బీలోకి కొట్టాడు. దాల్నీ దగ్గర మొదలుపెట్టి దాలియన్ దాకా, ఏ ఏడు ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, అంతా ఒక్క పేజీలో ఇరికించాడు. పన్నెండున్నరకు ఇద్దరూ ఆఫీసులో ఉన్నారు.

అక్కడ ఆఫీసరు మురాద్ బలూషీ. దిష్‌దాషా అనే తెల్లటి పొడుగు అంగీ, ఎర్ర కుట్టుపని టోపీ, ఉర్దూ మంచినీళ్లలా మాట్లాడతాడు. పేజీ చదవకుండానే పక్కన పెట్టాడు.

"భాయ్, మార్చను. ఆ రోజు ఎవరి రాజ్యమో అదే పుట్టిన దేశం. మా నాన్న గ్వాదర్‌లో పుట్టాడు. అప్పుడది మా సుల్తానుది. యాభై ఎనిమిదిలో పాకిస్తాన్‌కు ఇచ్చేశారు. మా నాన్న కార్డులో ఒమాన్ అనే రాయించాను, నాలుగేళ్లు తిరిగి. ఇవాళ ఎవరిదో అదే రాయాలని ఈ తాత విషయంలో ఒప్పుకుంటే, రేపు మా నాన్న పాకిస్తాన్‌లో పుట్టినట్టే కదా?"

ఇస్రాయేలు ఆ పేజీని మళ్లీ ఆయన ముందుకు జరిపాడు. మనిషి మొండివాడనుకున్నాడు గాని, తండ్రి కోసం మొండికేశాడని అనుకోలేదు. గోడ గడియారం ఒకటీ పది చూపిస్తోంది. పక్కన సున్ మేయ్ ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని, భాష తెలియకపోయినా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"సాబ్, మీ మాటే నిజం. మీ నాన్నగారు ఒమానే," అన్నాడు చివరికి. "గ్వాదర్ మీ సుల్తానుగారి సొంతిల్లు. ఇచ్చేసినా, ఆ రోజుకి సొంతమే. ఇది అలాక్కాదండి. మీరు మబేలాలో ఇల్లు అద్దెకిచ్చారనుకోండి. అద్దెకున్నోళ్లు రంగులేసుకుంటారు, తలుపు మీద పేరు రాసుకుంటారు. ఆ ఇంట్లో బిడ్డ పుడితే, పుట్టింది ఎవరింట్లో?"

"నా ఇంట్లో."

"పేజీ చూడండి సాబ్."

బలూషీ ఈసారి చదివాడు. వేలు పెట్టి, గీత గీతకూ ఆగి చదివాడు. ఫ్యాక్సు సీలును వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత కీబోర్డు ముందుకు లాక్కుని జపాను తీసేసి చైనా కొట్టాడు. ముద్ర ఒకటి సరిపోయేదే, రెండేశాడు. సున్ మేయ్ ఆ కాగితం రెండు చేతులా అందుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. ఇస్రాయేలుకు ఎటు చూడాలో తెలియక సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

"నీదే ఊరు?" అన్నాడు బలూషీ, ఫైలు మూస్తూ.

"యానాం, సాబ్. ఇండియా."

"ఎప్పుడు పుట్టావ్?"

"యాభై రెండులో."

"అప్పుడు ఎవరిది?"

"ఫ్రెంచివాళ్లదండి. యాభై నాలుగులో ఇండియాలో కలిసింది."

"అద్దెకా, సొంతమా?"

సొంతమే. మాట పెదవి దాకా వచ్చి ఆగింది. పాతికేళ్లుగా ప్రతి ఫారంలో ఇండియా అని కొట్టుకున్న మనిషి తన తర్కానికి తానే దొరికిపోయాడు. పాత కాగితాన్నే నమ్మాలన్న సూత్రం తన పుట్టుక చీటీకి మాత్రం ఎందుకు వర్తించలేదో ఇప్పుడే మొదటిసారి ఆలోచించాడు. ఫ్రెంచిలో ఉన్న ఆ చీటీ రూములో ట్రంకుపెట్టె అడుగున ఉంది.

బలూషీ నవ్వలేదు. "నేనేమీ అడగలేదు, పో," అన్నాడు.

శుక్రవారం విమానంలో సున్ తాత చైనాలో పుట్టినవాడిగా చైనా వెళ్లిపోయాడు. శనివారం పొద్దున ఇస్రాయేలు షాపుకు వచ్చి, తెలుగులో నాలుగు లైన్లు టైపు చేసి, మడిచి జిలాని చేతిలో పెట్టాడు.

"ఏందన్నా ఇది?"

"నేను ఇక్కడే పోయాననుకో. నా చీటీ తవ్వి ఫ్రాన్సు అని ఏ తలకాయ లేనోడో కొడతాడు, నాలాంటోడే. అప్పుడు ఇది పట్టుకెళ్లి చూపించు."

జిలాని విప్పి చదివాడు. పుట్టిన ఊరు యానాం. ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు. ఆ రోజు వీధిలో జెండా ఎవరిదో నాకు తెలీదు. ఇల్లుగలావిడ మా అమ్మ.